కుకీల ఇచ్చిపుచ్చుకోలు ఈసారి మా ఇంట్లో: గుడ్డు లేకుండా ఏం చేయాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాము. మా వీధిలోని ఎనిమిది కుటుంబాలవారు ఏటా డిసెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం ఎవరో ఒకరింట్లో కలుసుకొని, తమ తమ ఇళ్లలో చేసిన కుకీలను ఒకరికొకరు పంచుకుంటారు. మూడేళ్లుగా అతిథిగా వెళ్తున్న నాకు ఈ ఏడాది అందరినీ మా ఇంటికి పిలిచే వంతు వచ్చింది. మా అత్తగారు గుడ్డు తినరు కనుక మా వంటింట్లోకి గుడ్డు రాదు. ఎవరు ఎన్ని కుకీలు తేవాలని చెప్పాలి? గుడ్డు లేకుండా నేను ఏవి చేస్తే బాగుంటాయి? మా అమ్మాయి టీచరుకూ, మా ఇంటికి ఉత్తరాలు తెచ్చే పోస్టల్ ఉద్యోగికీ కొన్ని కానుకగా ఇవ్వవచ్చా?

మొదటి జవాబు

ఇంటికి ఆరు చొప్పున లెక్క వేసుకోండి. ఎనిమిది ఇళ్లకు 48 అవుతాయి. అందులో తమ వాటా ఆరూ పోగా మిగిలిన ఏడు ఇళ్లకు ఆరేసి ఇచ్చినట్లవుతుంది. ఇంటికి డజను అంటే ప్రతి ఒక్కరూ 96 చేయాలి, ఉద్యోగాలు చేసుకునేవారికి అది భారం. ఎవరు ఏ రకం తెస్తున్నారో పది రోజుల ముందే అడిగి తెలుసుకోండి, లేకపోతే సగం మంది చాక్లెట్ చిప్ కుకీలే తెస్తారు. ఒక మాట అడగకపోయినా చెబుతున్నాను: వచ్చినవారికి తీపితో పాటు వేడివేడి బజ్జీలో, పకోడీలో పెట్టండి. మా ఇంట్లో జరిగినప్పుడు ముందుగా ఖాళీ అయిన పళ్లెం అదే.

రెండవ జవాబు

గుడ్డు లేదని దిగులు పడకండి, షార్ట్‌బ్రెడ్ అనే వెన్న బిస్కెట్లలో అసలు గుడ్డే ఉండదు. తూకంలో ఒక వంతు చక్కెర, రెండు వంతుల వెన్న, మూడు వంతుల మైదా; అంటే 100 గ్రాముల చక్కెరకు 200 గ్రాముల వెన్న, 300 గ్రాముల మైదా. కాస్త యాలకుల పొడి కలిపి, 325 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర అంచులు లేత బంగారు రంగుకు తిరిగేవరకు ఉంచితే చాలు. నేతితో చేసే నానఖటాయీ కూడా అక్కడివారికి ఎంతో నచ్చుతుంది. ఓట్‌మీల్ కుకీల వంటి మెత్తటి రకాలు చేయాలనుకుంటే, ఒక్కొక్క గుడ్డుకు బదులు ఒక టేబుల్ స్పూన్ అవిసె గింజల పొడిని మూడు టేబుల్ స్పూన్ల నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి కలపండి.

సర్దేటప్పుడు మెత్తటివీ కరకరలాడేవీ ఒకే డబ్బాలో పెట్టవద్దు; మెత్తటివాటి తేమ పీల్చుకొని కరకరలాడేవి మెత్తబడిపోతాయి. పెప్పర్‌మింట్ వేసినవాటికి తప్పనిసరిగా వేరే డబ్బా ఉండాలి. నేను ఒకసారి వాటిని కొబ్బరి కుకీలతో కలిపి పెట్టాను. మర్నాటికి అన్నింటికీ ఒకటే వాసన పట్టి, రెండు రోజుల శ్రమ వృథా అయినందుకు చాలా బాధపడ్డాను.

మూడవ జవాబు

ప్రతి రకం పక్కనా అందులో వేసినవన్నీ రాసిన చీటీ పెట్టమని అందరినీ కోరండి. వేరుశనగ, జీడిపప్పు, బాదం, పాలు, గుడ్లు, గోధుమ, సోయా పడనివారు ఉంటారని మనకు తెలుసు. నువ్వుల సంగతి మాత్రం మనవాళ్లకు తట్టదు. అమెరికాలో ప్యాకెట్ ఆహారంపై తప్పనిసరిగా పేర్కొనవలసిన ఎలర్జీ పదార్థాల్లో 2023 జనవరి 1 నుంచి నువ్వులు తొమ్మిదవవి. ఇంట్లో చేసినవాటికి ఆ నిబంధన వర్తించకపోయినా, నువ్వులుంటే ఆ సంగతి చీటీ మీద రాయడం మన బాధ్యత. ఆ చీటీలు మీ అత్తగారికీ పనికొస్తాయి. గట్టిపడిన తెల్లని ఐసింగ్‌లో తరచుగా గుడ్డు తెల్లసొన ఉంటుంది, మార్ష్‌మాలోలలో సాధారణంగా జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. పెద్దావిడ తెలియక తిని, ఆ తరువాత బాధపడే పరిస్థితి రాకూడదు.

పోస్టల్ ఉద్యోగులు ఒక సందర్భంలో ఒకరి నుంచి 20 డాలర్ల లోపు విలువైన కానుక తీసుకోవచ్చు, నగదు మాత్రం తీసుకోకూడదు. కాబట్టి మీ కుకీల డబ్బా నిస్సంకోచంగా ఇవ్వవచ్చు. టీచరుకు ఇచ్చేది ఆమె ఇంటికి తీసుకువెళ్లేలా మూసి, చీటీ అతికించి ఇవ్వండి. తరగతిలో పిల్లలకు పంచడానికైతే ఇంట్లో చేసిన ఆహారాన్ని చాలా పాఠశాలలు అనుమతించవు, ముందుగా అడగండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఇంటికి ఆరు చొప్పున తెమ్మని ఈ రాత్రే అందరికీ రాస్తాను. మా అత్తగారికి ఈ జవాబులు చదివి వినిపిస్తే, సంక్రాంతికి అరిసెల పళ్లెం పంపితే, అందుకున్న ఇంటివారు ఆ పళ్లేన్ని ఖాళీగా తిరిగి ఇచ్చేవారు కాదని గుర్తుచేసుకొని, నానఖటాయీ తానే చేస్తానన్నారు. షార్ట్‌బ్రెడ్ పిండిని వారం ముందే కలిపి ఉంచుకోవచ్చా?

రెండవ జవాబు ఇచ్చినవారు

నిశ్చింతగా ఉంచుకోవచ్చు. పిండిని పొడవుగా చుట్టి, గాలి చొరబడకుండా ప్లాస్టిక్ కాగితంలో బిగించి ఫ్రీజర్‌లో పెట్టండి. కాల్చే రోజున పావుగంట బయట ఉంచి, పదునైన కత్తితో బిళ్లలుగా కోసి, అలాగే ఓవెన్‌లో పెట్టండి. మామూలుకన్నా ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. డబ్బాల్లో సర్దేముందు మాత్రం పూర్తిగా చల్లారనివ్వండి.