క్వీర్ వ్యక్తులూ మిత్రులూ కలిసి ఉండే బృందంలోకి కొత్తవారిని ఎలా చేర్చుకోవాలి?

చిగురుకొమ్మ
అందరికీ నమస్కారం. క్వీర్ వ్యక్తులు (స్వలింగ ప్రేమికులు, ద్విలైంగికులు, ట్రాన్స్ వ్యక్తుల వంటివారు), వారి పక్షాన నిలిచే మిత్రులు, కుటుంబ సభ్యులు కలిసి మాట్లాడుకునే ఆన్‌లైన్ బృందాన్ని మేం కొందరం నడుపుతున్నాం. ఇన్నాళ్లూ తెలిసినవారి ద్వారానే కొత్తవారు వచ్చేవారు కాబట్టి నియమాల అవసరం పెద్దగా రాలేదు. ఈ మధ్య ఎవరో మా చేరిక లింకును బయట పెట్టడంతో ఒక్కసారిగా చాలామంది వచ్చిపడ్డారు. వారిలో తోడు వెతుక్కుంటూ వచ్చినవారూ ఉన్నారు, వింత చూసిపోదామని వచ్చినవారూ ఉన్నారు, తిట్టడానికే వచ్చినవారూ ఉన్నారు. నాలుగు విషయాల్లో మీ అనుభవం కావాలి. కొత్తవారిని ఏమడిగి చేర్చుకోవాలి? మిత్రులకు వేరే గది ఉండాలా? ఫొటోలను అనుమతించాలా? అర్ధరాత్రి ఎవరైనా బతకాలని లేదని రాస్తే నిర్వాహకులు ఏం చేయాలి?

కోటగుమ్మం
మొదటి ప్రశ్న తేలితే మిగతావన్నీ వాటంతట అవే తేలతాయి. మా బృందంలో వాయిస్ కాల్ మాట్లాడకుండా ఎవరినీ చేర్చుకోము. ఒకప్పుడు మేమూ అందరినీ చేతులు చాచి ఆహ్వానించినవాళ్లమే. అలా మారుపేరుతో చేరిన ఒక వ్యక్తి చాలాకాలం అందరితో కలివిడిగా ఉంటూనే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని, చివరికి వాటిని ఒక సభ్యురాలి ఇంటివారికి పంపించాడు. ఆమె కట్టుబట్టలతో ఇల్లు వదిలి వెళ్లవలసి వచ్చింది. అప్పటినుంచి కాల్ తప్పనిసరి చేశాం. ఐదు నిమిషాలు మాట్లాడితే మనిషి ఎలాంటివాడో తెలిసిపోతుంది.

మంచుతెర
కోటగుమ్మం గారూ, అలాంటి ఐదు నిమిషాల పరీక్షలో ఒకచోట ఓడిపోయినదాన్ని నేను. నేను ట్రాన్స్ స్త్రీని, అంటే పుట్టినప్పుడు మగబిడ్డ అన్నారు గానీ నేను స్త్రీని. కాల్ ఎత్తి నమస్కారం చెప్పగానే అవతలి వ్యక్తి ఒక్క క్షణం ఆగి, "మీరు స్త్రీనని రాశారు కదా, ఫోన్ ఆమెకు ఇవ్వండి" అన్నారు. నేను వివరించబోయేలోపే కాల్ తెగిపోయింది, నా అభ్యర్థన కూడా మాయమైంది. ఇంట్లో గొంతు పెంచి మాట్లాడే వీలు లేనివారు, ఒకే గదిలో నలుగురి మధ్య పడుకునేవారు, నత్తి ఉన్నవారు, వినికిడి లేనివారు మీ కాల్‌కు ఎలా జవాబిస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? మిమ్మల్ని మోసం చేసిన మనిషికి మాత్రం కాల్‌లో తీయగా మాట్లాడటం కష్టమయ్యేది కాదు. చాలాకాలం అందరితో కలివిడిగా ఉన్నాడని మీరే చెబుతున్నారు.

కోటగుమ్మం
మీకు జరిగినది తప్పే, దాన్ని నేను సమర్థించడం లేదు. మా దగ్గర కాల్ చేసేవారికి గొంతు గురించి వ్యాఖ్యానించకూడదని ముందే చెబుతాము. అయితే ఒకరికి కలిగిన నొప్పినీ, ఇంకొకరికి తల దాచుకోవడానికి చోటు లేకుండా పోవడాన్నీ ఒకే త్రాసులో తూచడం న్యాయం కాదు.

మంచుతెర
ఆ బృందం తలుపు మూసుకున్న రోజున నాకూ తల దాచుకునే చోటు లేదు. అందుకే వచ్చాను. బయటే నిలిచిపోయినవాళ్ల కష్టం మీ లెక్కలోకి రాదు, ఎందుకంటే వాళ్లు ఏమయ్యారో మీకు తెలిసే అవకాశమే లేదు.

పాతచెట్టు
ఈ వాదన నాకు కొత్త కాదు. మెయిలింగ్ లిస్టుల కాలం నుంచి ఇలాంటి బృందాలను నడుపుతున్నవాణ్ణి, కనుక కాస్త ఓపికగా వినండి. 1983లో, వెబ్ రాకముందే ఉన్న యూజ్‌నెట్ అనే చర్చా వ్యవస్థలో, స్వలింగ ప్రేమికుల కోసం నెట్.మాట్స్ అనే చర్చావేదిక మొదలైంది. చూసినవారికి లోపల ఏముందో అర్థం కాకూడదనే అలాంటి పొడి అక్షరాల పేరు పెట్టారు. అప్పటికే వారికి తెలిసిన సంగతి ఏమిటంటే, రక్షణ తలుపు దగ్గర మొదలవదు, పేరు దగ్గరే మొదలవుతుంది. 2014లో ఫేస్‌బుక్ అసలు పేర్ల నియమాన్ని గట్టిగా అమలు చేసినప్పుడు రంగస్థల పేర్లతో ఉన్న డ్రాగ్ కళాకారుల (వేరే లింగపు వేషధారణతో ప్రదర్శనలిచ్చేవారి) ఖాతాలు వరసగా మూతపడ్డాయి. వారు నిరసనకు దిగాక సంస్థ క్షమాపణ చెప్పింది. ఆ నియమం ఉన్నది జవాబుదారీతనం కోసమేనని అప్పుడూ చెప్పారు, కానీ అసలు పేరుతో బతకలేనివారి పైనే ఫిర్యాదులు పడ్డాయి.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. ఎవరు లోపలికి వచ్చినా ఎత్తుకుపోవడానికి ఏమీ దొరకకుండా చూసుకోవడమే నిర్వాహకుల అసలు పని. ఊరు, ఉద్యోగం, చదువుకున్న చోటు, ముఖం, ఈ నాలుగూ ఒకే మనిషి ప్రొఫైల్‌లో కనిపిస్తే ఆ బృందం ఎన్ని కాల్స్ చేసినా వృథా.

కోటగుమ్మం
పాతచెట్టు గారి అనుభవానికి దండం. అయితే ఊరు చెప్పకుండా, ఉద్యోగం చెప్పకుండా, ముఖం చూపకుండా మనుషులు ఎంతకాలం స్నేహం చేస్తారు? అలాంటి బృందం భద్రంగానే ఉంటుంది, ఎందుకంటే అందులో ఎవరూ ఉండరు.

అమ్మనే
నా కొడుకు ట్రాన్స్ పురుషుడు. ఇక్కడ అందరూ తలుపు గురించే మాట్లాడుతున్నారు కాబట్టి తలుపు లోపల నాకు జరిగినది చెబుతాను. నన్ను మిత్రుల గదిలో పెట్టారు. అక్కడ ఉన్నవారంతా నాలాంటివారే, ఒకరికీ ఏమీ తెలియదు. బిడ్డ కొత్త పేరును బంధువుల ముందు ఎలా పలకాలి, పాత ఫొటోలు గోడ మీద ఉంచాలా తీసేయాలా అన్న ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవారంతా అవతలి గదిలో ఉన్నారు. అడగడానికి అక్కడికి వెళితే, క్వీర్ సభ్యుల చోటును ఆక్రమిస్తున్నానని మందలించారు. 1972లో జీన్ మ్యాన్‌ఫర్డ్ అనే తల్లి తన గే కొడుకు పక్కన న్యూయార్క్‌లో గే హక్కుల ప్రదర్శనలో నడిచారు. ఆమె వల్లే 1973లో తల్లిదండ్రుల సమావేశాలు ఒక చర్చిలో మొదలై, తరువాత పీఫ్లాగ్ అనే సంస్థగా ఎదిగాయి. ఆ ప్రదర్శనలో ఆమెను వెనక వరసలోకి వెళ్లమని ఎవరూ అనలేదని అనుకుంటున్నాను.

రెండోదారి
అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ అవతలి గదిలో ఉన్న నాబోటివారి మాట కూడా వినండి. నేను ద్విలైంగికుణ్ణి. రోజంతా బయట జవాబులు చెప్పి చెప్పి అలసిపోయి బృందంలోకి వస్తే, అక్కడ కూడా ఎవరో ఒక మిత్రుడు "మీరు చివరికి ఎవరిని పెళ్లి చేసుకుంటారు?" అని మర్యాదగా అడుగుతాడు. ఎంత మర్యాదగా అడిగినా అది నూరోసారి విన్న ప్రశ్నే.

అయినా నేను గదులు విడదీయడానికి వ్యతిరేకిని. కారణం వేరు. నేను ఆ బృందంలో చేరినప్పుడు మిత్రుణ్ణని చెప్పే చేరాను. నా గురించి నాకే ధైర్యం లేని రోజులవి. ఎవరికీ ఏమీ చెప్పకుండా నలుగురి మాటలూ విన్నాకే ఒక రోజు నోరు విప్పగలిగాను. చేరేటప్పుడే "మీరు క్వీరా, మిత్రులా?" అని గడి నింపమంటే, నాలాంటివారు అబద్ధమైనా రాయాలి, వెనక్కైనా తిరగాలి. అందుకే వ్యక్తులను కాక విషయాలను విడదీయండి. ప్రశ్నలు అడిగే గది ఒకటి పెట్టి, జవాబు చెప్పే ఓపిక ఉన్నవారినే అక్కడికి రమ్మనండి.

అమ్మనే
అది బాగుంది. అలాంటి గదిలో ఎంతసేపైనా కూర్చుంటాను.

రంగులపెట్టె
బృందం ముఖచిత్రంగా మన ఆరు రంగుల ఇంద్రధనుస్సు జెండాయే పెట్టండి. ఇప్పుడు వస్తున్న త్రికోణాల జెండాలు అసలు జెండాను పాడుచేస్తున్నాయి.

మంచుతెర
అసలు జెండా ఆరు రంగులది కాదు. 1978లో గిల్బర్ట్ బేకర్ బృందం శాన్ ఫ్రాన్సిస్కోలో ఎగరేసిన జెండాకు ఎనిమిది చారలు ఉండేవి. గులాబీ రంగు బట్ట సరిపడా దొరకక ఆ చార పోయింది, తరువాత ఇంకొకటి తగ్గింది. బట్ట కొరత వల్ల మారినప్పుడు పవిత్రత చెడలేదు గానీ, 2018లో డేనియల్ క్వేసార్ అనే రూపకర్త త్రికోణంలో మాలాంటివారి రంగులను చేర్చగానే చెడిపోయిందా?

రంగులపెట్టె
నేను రూపకల్పన గురించి అన్నాను, మనుషుల గురించి కాదు. ప్రతిదాన్నీ మీ మీదికి లాక్కుంటే చర్చ ఎలా సాగుతుంది?

తాళంచెవి
పాతచెట్టు గారు పేరు గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, జెండా గొడవ కూడా దానితోనే తీరుతుంది. బృందం పేరులో గానీ బొమ్మలో గానీ ఇంద్రధనుస్సు ఉండకూడదు. ఫోన్ భోజనాల బల్ల మీద ఉన్నప్పుడు, తాళం వేసిన తెర మీద కూడా బృందం పేరూ, మొదటి వాక్యమూ కనబడతాయి. పక్కన కూర్చున్న అన్నయ్య ఫోన్ తెరవనక్కరలేదు, తల తిప్పితే చాలు. చేరిన ప్రతివారికీ మొదటి సందేశంలోనే నోటిఫికేషన్లలో విషయం దాచుకునే పద్ధతిని చెప్పండి.

సభ్యుల ఫోన్ నంబర్లు ఒకరికొకరికి కనబడే చోట ఇలాంటి బృందం పెట్టవద్దు. టెలిగ్రామ్‌లో నంబరు ఎవరికీ కనబడకుండా పెట్టుకోవచ్చు. అయితే నంబరు ద్వారా ఖాతాను వెతికే వీలు ఎవరికి ఉండాలో నిర్ణయించే అమరిక వేరే ఉంటుంది, చాలామంది దాన్ని మరిచిపోతారు. సిగ్నల్ అనే యాప్‌లో 2024 నుంచి నంబరు బదులు యూజర్‌నేమ్ ఇచ్చే వీలు వచ్చింది. ఫొటోను ఫైలుగా పంపితే, తీసిన చోటి వివరం దానితోపాటే వెళ్లవచ్చు. ముఖం లేకపోయినా కిటికీలోంచి కనబడే భవనం, మెడలోని ఉద్యోగపు కార్డు చాలు. ఇక మాయమయ్యే సందేశాల మీద భరోసా పెట్టుకోకండి, ఇంకో ఫోన్‌తో తెరను ఫొటో తీసేవారిని ఏ యాప్ కూడా ఆపలేదు.

కోటగుమ్మం
ఇన్ని జాగ్రత్తలు చెప్పారు, కానీ మనిషిని చూసే జాగ్రత్త ఒక్కటి మాత్రం అందరికీ అపరాధంలా కనిపిస్తోంది. ఆ సభ్యురాలు ఇల్లు వదిలిన రాత్రి ఫోన్‌లో ఆమెతో మాట్లాడింది నేను. మీరెవరూ కాదు.

మంచుతెర
ఆ రాత్రి మీరు మోసిన భారాన్ని నేను తక్కువ చేయడం లేదు. కాల్‌ను ఒక మార్గంగా ఉంచండి, ఏకైక మార్గంగా మాత్రం ఉంచకండి. కాల్ వీలుకానివారు రాతలో మాట్లాడతారు, అదీ కుదరనివారికి ఇప్పటికే ఉన్న సభ్యులెవరైనా పూచీ పడతారు. మీరు అడగవలసింది గొంతును కాదు, నడవడికను.

నడిరేయి
ఇంత చర్చలో నాలుగో ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. నేను సహాయవాణిలో స్వచ్ఛందంగా పనిచేస్తాను. అలాంటి సందేశం రాగానే దాన్ని తొలగించకండి. ఏదో తప్పు రాశానని ఆ వ్యక్తి అనుకుంటారు. ఒక్కరే నిర్వాహకులు విడిగా పలకరించాలి, పదిమంది ఒకేసారి మీద పడకూడదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగవచ్చు. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఇప్పుడు ఒంటరిగా ఉన్నారా, హాని చేసుకునే వస్తువు దగ్గరలో ఉందా అని అడగండి. ప్రమాదం దగ్గరలో ఉందనిపిస్తే వారు ఉన్న చోట పనిచేసే అత్యవసర సేవకు గానీ, వారు నమ్మే మనిషికి గానీ ఫోన్ చేసేలా చూడండి. ఆ మనిషి ఇంటివారే కానక్కరలేదు, చాలామందికి ప్రమాదం ఇంట్లోనే ఉంటుంది. అందుకే చేరినప్పుడే "అవసరమైతే ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు?" అని ఐచ్ఛికంగా అడిగి, ఆ జవాబును ఇద్దరు నిర్వాహకుల వద్దే ఉంచండి.

పాతచెట్టు
ఆ ఇద్దరు ఎవరన్నది కూడా ముఖ్యమే. కంచే చేను మేసిన బృందాలను నేను చూశాను. నిర్వాహకుడే కొత్త సభ్యులకు విడిగా సందేశాలు పంపి చనువు పెంచుకుంటే ఫిర్యాదు ఎవరికి చేయాలో ముందే రాసి ఉంచాలి. అలాగే స్వలింగ ప్రేమ రోగమని వాదించేవారితో ప్రతిసారీ చర్చకు దిగి నిర్వాహకులు అలసిపోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే వ్యాధుల జాబితా నుంచి దాన్ని తొలగించిందని పైన ఒక సందేశం అతికించి, రెండోసారి వాదించినవారిని మాట్లాడకుండా పంపించేయండి. ఆహ్వానించే చోటు అంటే అందరితో వాదించే చోటు కాదు.

రెండోదారి
"రెండోసారి" అనడం కాస్త కఠినం కాదా? తెలియక అడిగే తండ్రి కూడా మొదట అలాగే మాట్లాడతాడు.

పాతచెట్టు
అడిగేవాడు జవాబు విన్నాక ఇంకో ప్రశ్న వేస్తాడు, వాదించేవాడు అదే వాక్యం మళ్లీ రాస్తాడు. తేడా తెలుసుకోవడానికి నాకైతే ఎప్పుడూ ఎక్కువసేపు పట్టలేదు.

తాళంచెవి
చిగురుకొమ్మ గారూ, మేమంతా సిద్ధాంతాలు చెబుతున్నాం గానీ అసలు సంగతి అడగలేదు. బయటపడిన ఆ లింకును రద్దు చేశారా? కొత్త లింకు చేసినంత మాత్రాన పాతది పనిచేయడం మానదు, దాన్ని విడిగా రద్దు చేయాలి. కొత్తవారికి పాత సందేశాలు కనబడే అమరికను కూడా ఆపండి.

చిగురుకొమ్మ
కొత్త లింకు చేశాం, పాతది కూడా ఇంకా బతికే ఉందని మీరు చెప్పాకే చూశాం. ఇప్పుడు రద్దయింది. పాత సందేశాలనూ దాచేశాం. ప్రశ్నల గది ఈ వారమే మొదలవుతుంది, అమ్మనే గారు వస్తానంటే సంతోషం. చేరేవారు కాల్, రాత, పూచీ మూడింటిలో ఏదైనా ఎంచుకోవచ్చు. కోటగుమ్మం గారూ, కాల్ ఎంచుకున్నవారితో మాట్లాడేవారికి మీరు ఇచ్చే సూచనలు రాతపూర్వకంగా ఉంటే పంపగలరా?

కోటగుమ్మం
పంపుతాను. గొంతు గురించిన సూచనను మంచుతెర గారు ఒకసారి చూసి సరిదిద్దితే ఇంకా మంచిది.