పైలట్ల డ్యూటీలు చూసే షెడ్యూలింగ్ డెస్క్ నుంచి ఫోనొస్తే ఏం అడగాలి, ఎక్కడ కాదనాలి?

శంషాబాద్_ఎఫ్‌ఓ:
లైన్‌కి కొత్తగా వచ్చిన ఫస్ట్ ఆఫీసర్లకు (ఎఫ్‌ఓ, అంటే కో-పైలట్లకు) పనికొస్తుందని అడుగుతున్నాను. లెక్క చేయడానికి వీలుగా ఒక ఉదాహరణ ఇస్తాను. మధ్యాహ్నం 12:00కి రిపోర్టింగ్ (డ్యూటీకి హాజరు). హైదరాబాద్–తిరుపతి–హైదరాబాద్–విశాఖ–హైదరాబాద్, నాలుగు సెక్టార్లు. రోస్టర్ (డ్యూటీల పట్టిక) ప్రకారం 21:05కి చాక్స్ ఆన్ (విమానం ఆగి చక్రాలకు దిమ్మలు అడ్డుపెట్టే సమయం), మర్నాడు 09:30కి మళ్లీ రిపోర్టింగ్. విశాఖలో ఆలస్యమై చాక్స్ ఆన్ 22:10 అయింది. పార్కింగ్ దాకా వచ్చేలోపే డెస్క్ ఫోను: "సార్, రేపు 10:30కి రండి, లీగలే."

నిజంగా లీగలేనా? అక్కడికక్కడే సరే అనాలా? కాదంటే డెస్క్ దగ్గర పేరు చెడి వచ్చే నెల రోస్టర్‌లో అది కనబడుతుందని సీనియర్లు భయపెడుతుంటారు. ఆ మాటలో నిజమెంత?

రాత్రి_డెస్క్ (క్రూ కంట్రోల్):
ముందు లెక్క. మీ మాన్యువల్‌లో పోస్ట్‌ఫ్లైట్ (విమానం ఆగాక చేసే పని) 15 నిమిషాలు అనుకుందాం. డ్యూటీ 22:25కి ముగిసింది. రెస్టు అంటే ముందరి డ్యూటీ ఎంతసేపో అంత, లేదా 12 గంటలు, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. మీ డ్యూటీ 10 గంటల 25 నిమిషాలు కాబట్టి 12 గంటలే వర్తిస్తుంది. ఇంటికి వచ్చి పోయే ప్రయాణ సమయం విడిగా కలపకుండా చూస్తే 10:25 దాటాక రిపోర్టింగ్ పెట్టొచ్చు (అది ఎలా కలుపుతారో మీ మాన్యువల్‌లో చూసుకోండి). పాత 09:30 చెల్లదు, 10:30 చెల్లుతుంది. మొదట వేసిన రోస్టర్‌లో 10 నిమిషాలే వెసులుబాటు ఉంది చూడండి. అంత బిగించి వేస్తే విశాఖలో ఒక్క ఆలస్యం చాలు, మర్నాటి గొలుసంతా తెగుతుంది. అది ఫోను చేసిన మనిషి తప్పు కాదు, నెల రోస్టర్ వేసిన ప్లానింగ్ వాళ్లది. ట్రాకింగ్ (ఆ రోజు మార్పులు చూసేవాళ్లు), ప్లానింగ్ రెండూ వేర్వేరు టీములని చాలామంది పైలట్లకు తెలియదు. అర్ధరాత్రి ట్రాకర్ మీద అరిస్తే ప్లానింగ్‌కి వినబడదు.

అయితే 10:30 చెల్లినంత మాత్రాన కథ అయిపోలేదు. రిపోర్టింగ్ గంట జరిగింది కాబట్టి చివరి ల్యాండింగూ జరుగుతుంది. అసలు ప్లాన్‌లో ఆ రోజు 23:30కి ముగిసేదైతే ఇప్పుడు 00:30కి పోతుంది. రాత్రి అంటే 00:00 నుంచి 06:00 అని డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) 2024 జనవరి సవరణలో మార్చింది (అంతకుముందు 05:00 వరకే). ఆ సమయంలోకి చొరబడే డ్యూటీకి ఫ్లయిట్ టైమ్ 8 గంటలు, ఎఫ్‌డీపీ (రిపోర్టింగ్ నుంచి చివరి విమానం ఆగేదాకా) 10 గంటలు, ల్యాండింగ్‌లు రెండు మించకూడదు. అంటే పొద్దున లీగల్‌గా మొదలైన నాలుగు సెక్టార్ల డ్యూటీ కాగితం మీదే చెల్లకుండా పోతుంది. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయినప్పుడు ఈ రాత్రి నిబంధనల్లోనే ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 వరకు సడలింపు ఇచ్చారు. అందుకని మీ కంపెనీ తాజా నోటీసు చూసుకున్నాకే మాట్లాడండి.

ఫోనులో అడగాల్సినవి: రిపోర్టింగ్ ఐఎస్‌టీలోనా (మన టైమ్) యూటీసీలోనా (అంతర్జాతీయ ప్రామాణిక టైమ్), ఎన్ని సెక్టార్లు, చివరి చాక్స్ ఆన్ ఎప్పుడు, ఆ తర్వాతి డ్యూటీ ఏది, వీక్లీ ఆఫ్ కదులుతోందా. నిమిషం పట్టదు. తర్వాత "రోస్టర్‌లో మార్చి పంపండి, చూసి అక్నాలెడ్జ్ చేస్తాను" అనండి. నోటిమాట మీద బయల్దేరితే సిస్టమ్‌లో పాత టైమే ఉండి, పికప్ కారు దానికే వస్తుంది.

యూటీసీ గొడవ చిన్నది కాదు. 14వ తేదీ 23:30 యూటీసీ అంటే ఇక్కడ 15వ తేదీ పొద్దున 05:00. తేదీ ఒకటే చూసి ఆ రోజు ఖాళీ అనుకోవడమే నో-షోలకు (డ్యూటీకి రాకపోవడానికి) మామూలు కారణం.

ఎడమ_సీటు:
డెస్క్ వారి లెక్క సరైనదే. వీక్లీ రెస్టు గురించి కాస్త వివరంగా చెబుతాను, కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది అక్కడే.

వారానికి వరసగా 48 గంటలు, అందులో రెండు లోకల్ నైట్లు ఉండాలి. ఒక వీక్లీ రెస్టు ముగిసిన క్షణం నుంచి 168 గంటల్లోపు తర్వాతిది మొదలవ్వాలి. ఇందులో లోకల్ నైట్ అన్నమాటే కీలకం: 22:00 నుంచి 08:00 మధ్య వరసగా 8 గంటలు. డ్యూటీ గురువారం 23:50కి ముగిస్తే గురువారం రాత్రి, శుక్రవారం రాత్రి రెండూ లెక్కకు వస్తాయి, శనివారం 23:50కి మీరు మళ్లీ దొరుకుతారు. అదే డ్యూటీ 45 నిమిషాలు సాగి శుక్రవారం 00:35కి ముగిసిందనుకోండి. 08:00 వరకు 7 గంటల 25 నిమిషాలే మిగిలాయి, ఆ రాత్రి లెక్కలోంచి పోయింది. ఇక శనివారం రాత్రి కూడా కావాలి కాబట్టి ఆదివారం 06:00 వరకు మిమ్మల్ని పిలవకూడదు. 48 గంటలు దాటాయి కదా అని ఆదివారం తెల్లవారుజామున 04:30కి డ్యూటీ పెడితే చెల్లదు. సాఫ్ట్‌వేర్ దీన్ని పట్టుకుంటుంది, కానీ ట్రాకర్ చేత్తో మార్చేటప్పుడు వాస్తవ చాక్స్ ఆన్ టైమ్ ఇంకా ఎక్కి ఉండదు, పాత టైమ్ మీదే లెక్క తిరుగుతుంది. అందుకే దిగగానే మీ చాక్స్ ఆన్ సిస్టమ్‌లో సరిగ్గా పడిందో లేదో ఒకసారి చూసుకోండి.

డిస్క్రీషన్ (కెప్టెన్ విచక్షణ) సంగతి. ఊహించని ఆలస్యం వచ్చినప్పుడు ఎఫ్‌డీపీ పొడిగించాలా వద్దా అన్నది కెప్టెన్ నిర్ణయం. అది డెస్క్ ప్లాన్ చేసుకునే వనరు కాదు. "కెప్టెన్‌గారు డిస్క్రీషన్ ఇచ్చేస్తారు, మీరు రండి" అని ఎఫ్‌ఓకి చెప్పడం అసలు తప్పు. కెప్టెన్ కూడా మిగతా క్రూని అడగకుండా సరే అనకూడదు. క్యాబిన్ క్రూకి వేరే పరిమితులున్నాయి, వాళ్లలో ఒకరు అలసిపోయినా లెక్క మారిపోతుంది. మిమ్మల్ని అడిగితే "సరే సార్" అని అలవాటుగా అనేయకండి, నిజం చెప్పండి.

గోదారి_గట్టు:
ఇంత లెక్కలెందుకండీ. డెస్క్‌లో ఇద్దరు ముగ్గురితో పరిచయం పెంచుకుని, పండక్కి ఓ పూతరేకుల డబ్బా పంపితే సగం సమస్యలు తీరతాయి. సంక్రాంతి సెలవు కూడా అలాగే దొరుకుతుంది :)

రాత్రి_డెస్క్ (క్రూ కంట్రోల్):
పూతరేకులు వద్దనను గానీ :) సెలవు వాటితో రాదు. జనవరిలో ఢిల్లీ పొగమంచు రోజులూ సంక్రాంతీ ఒకేసారి పడతాయి. పొగమంచులో దిగాలంటే కాక్‌పిట్‌లో ఇద్దరికీ క్యాట్ 3 (రన్‌వే సరిగా కనబడనప్పుడు దిగే) అర్హత ఉండాలి. అది ఉన్న తెలుగు పైలట్లందరూ అదే మూడు రోజులు అడిగితే ఎవరికి ఇవ్వగలం? బిడ్ విండో (సెలవు కోరికలు పెట్టే గడువు) తెరిచిన రోజే పెట్టండి. మూడు రోజులూ కాకపోతే ఏ ఒక్క రోజు ముఖ్యమో, భోగా, పండగా, కనుమా, స్పష్టంగా రాయండి. ఒక్క రోజు సర్దడం మాకు తేలిక.

పరిచయం వేరు, పర్సనల్ నంబరుకి వాట్సాప్ చేయడం వేరు. స్వాప్ (డ్యూటీ మార్పిడి), ఆలస్యం, అనారోగ్యం ఏదైనా రికార్డయ్యే లైన్‌లోనే చెప్పండి. రేపు గొడవ వస్తే మీకూ మాకూ ఆధారం అదే.

మీ మొదటి పోస్టులో మిగిలిన ప్రశ్నకు కూడా: కాదన్నందుకు పేరు చెడదు, ఆలస్యంగా కాదన్నందుకు చెడుతుంది. రిపోర్టింగ్‌కి 5 గంటల ముందు చెబితే ఇంటి దగ్గర స్టాండ్‌బైలో (పిలిస్తే రావడానికి సిద్ధంగా) ఉన్నవాళ్లను పిలుస్తాం. 50 నిమిషాల ముందు చెబితే ఎయిర్‌పోర్ట్ స్టాండ్‌బై ఒక్కరే దిక్కు. ఆయనకి ఆ రకం విమానం రేటింగ్ ఉండాలి, మెడికల్ చెల్లుబాటులో ఉండాలి, 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు ల్యాండింగ్‌లు పూర్తయి ఉండాలి, ఆ రోజుకి గంటలు మిగలాలి. ఇన్నీ కుదరకపోతే ఫ్లయిట్ ఆగుతుంది.

శంషాబాద్_ఎఫ్‌ఓ:
ఇంకొక్కటి. లెక్క ప్రకారం 10:30 సరే, కానీ నిద్ర పట్టలేదు. కొంపల్లిలో ఉండేవాళ్లకు ఔటర్ రింగ్ రోడ్డు మీద వచ్చినా ఇల్లు చేరి పడుకునేసరికి ఒంటిగంట. "లీగలే కదా సార్" అంటే ఏం చెప్పాలి? సిక్ అని చెప్పేస్తే తేలిక కాదా?

ఎడమ_సీటు:
సిక్ అనకండి. సిక్ అంటే మెడికల్ దారిలో పోతుంది, అసలు కారణం రోస్టర్ అని ఎక్కడా నమోదు కాదు. "ఫెటీగ్, డ్యూటీకి అన్‌ఫిట్" అని ఆ మాటలే వాడండి. డెస్క్ వాదిస్తే వాదించకండి, డ్యూటీ మేనేజర్‌కి కలపమనండి. ట్రాకర్‌కి మిమ్మల్ని ఫిట్ అని తేల్చే అధికారం లేదు, కాబట్టి అతన్ని ఇరుకున పెట్టడమూ అనవసరం. తర్వాత అదే రోజు ఫెటీగ్ రిపోర్ట్ రాయండి. గత 72 గంటల్లో ఏ గంట నుంచి ఏ గంట వరకు నిద్ర, రిపోర్టింగ్‌లు, వాస్తవ చాక్స్ ఆన్‌లు, ప్రయాణ సమయం, డెస్క్ ఎన్నిసార్లు ఫోను చేసింది, ఏ టైమ్‌కి. కంపెనీలు మూడు నెలలకోసారి ఫెటీగ్ రిపోర్టుల మీద డీజీసీఏకి నివేదిక పంపాలి. "చాలా అలసటగా ఉంది" అని ఒక్క వాక్యం రాస్తే విశ్లేషించడానికి అందులో ఏమీ ఉండదు. 10 నిమిషాల వెసులుబాటు ఉన్న పెయిరింగ్ (కలిపి వేసిన ఫ్లయిట్ల వరస) నంబరు రాస్తే ప్లానింగ్ దాన్నే తీసి చూస్తుంది.

రాత్రి_డెస్క్ (క్రూ కంట్రోల్):
దీనికి ఒకటి కలుపుతాను. రెస్టులో ఉన్నప్పుడు ఫోను సైలెంట్‌లో పెట్టుకోవడం మీ హక్కే, మేం ఏమీ అనుకోం. కానీ స్టాండ్‌బై మొదలయ్యే నిమిషానికి సౌండు పెట్టండి. రెస్టు 10:00కి ముగిసి స్టాండ్‌బై 10:00కే మొదలయ్యే రోజుల్లో 10:10కి మేం చేసే ఫోనే ఎక్కువగా ఎత్తరు.