ఓటు, పౌరహక్కులు పెరిగింది రాజ్యాంగ సవరణల వల్లనా, రోడ్డెక్కిన జనం వల్లనా?

కాజీపేట జంక్షన్

తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు అయిపోయినా మా గ్రూపులో గొడవ మాత్రం అయిపోలేదు. స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం స్థానాలు రావాలంటే రాజ్యాంగాన్ని సవరించడం ఒక్కటే దారి అని సగం మంది, సవరణలతో ఒరిగేదేం లేదు, జనం గట్టిగా కూర్చుంటే ఏ ప్రభుత్వమైనా దిగొస్తుందని మిగతా సగం. ఇక్కడ లాయర్లు, గ్రూప్స్‌కు చదివేవాళ్లు, ఊళ్లలో పదవులు చేసిన ఇళ్లవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మీరేమంటారు?

నా వరకు సవరణే అసలు. 61వ సవరణ 1989 మార్చిలో అమల్లోకి వచ్చింది. ఓటు వయసు చెప్పే 326వ అధికరణంలో 21 అనే అంకె తీసి 18 పెట్టారు, అదే ఏడాది చివర్లో జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో కోట్ల మంది పిల్లలు మొదటిసారి ఓటేశారు. పంచాయతీలకు రాజ్యాంగంలో చోటిచ్చిన 73వ సవరణ తీసుకోండి. ఇదే పనికి 1989లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం తెచ్చిన 64వ సవరణ బిల్లు రాజ్యసభలో వీగిపోయింది. మన లక్నేపల్లిలో పుట్టి వంగరలో పెరిగిన పీవీ ప్రధానిగా ఉండగా 1992 డిసెంబరులో 73, 74 సవరణలు పార్లమెంటు దాటాయి. అంతకుముందు పంచాయతీ ఎన్నికలంటే రాష్ట్ర ప్రభుత్వానికి బుద్ధి పుట్టినప్పుడు పెట్టేవి. రాజ్యాంగంలో ఎక్కాకే అది హక్కయింది.

ఎనుమాముల మిర్చి

అన్నా, రాజ్యాంగంలో రాస్తే హక్కు వచ్చినట్టేనా? పట్టా చేతిలో ఉండి పొజిషన్ లేని రైతులు మన జిల్లాలో ఎంతమంది ఉన్నారో నీకు తెలియదా.

అమెరికా సంగతి చూడు. అంతర్యుద్ధం అయిపోయాక మూడు సవరణలు వరసగా తెచ్చారు. 1865లో 13వ సవరణతో బానిసత్వం రద్దు, 1868లో 14వ సవరణతో అక్కడ పుట్టినవాళ్లందరికీ పౌరసత్వం, చట్టం ముందు సమాన రక్షణ, 1870లో 15వ సవరణతో జాతి, రంగు, గత బానిసత్వం చూపించి ఓటు ఆపకూడదని. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? మరి దక్షిణాది రాష్ట్రాలు ఏం చేశాయి? 1890లో మిసిసిపీ కొత్త రాజ్యాంగం రాసుకుంది, ఓటు కావాలంటే ముందు పన్ను కట్టాలి, రాజ్యాంగంలో ఏదో ఒక భాగం చదివి అర్థం చెప్పాలి. అర్థం సరిగ్గా చెప్పారా లేదా అని తేల్చేది తెల్ల గుమస్తా. లూసియానాలో 1896లో 1,30,334 మంది నల్లవాళ్ల పేర్లు ఓటర్ల జాబితాలో ఉంటే 1904 నాటికి మిగిలింది 1,342. లక్షా ముప్పై వేలు పోయి వెయ్యి చిల్లర! ఈ ఎనిమిదేళ్లలో 15వ సవరణను ఎవరూ రద్దు చేయలేదు, అది రాజ్యాంగంలో అక్షరం కూడా మారకుండా అట్లాగే ఉంది.

ఎప్పుడు కదిలింది? 1965 మార్చిలో అలబామా రాష్ట్రం సెల్మాలో, ఓటు హక్కు కోసం ఊరేగింపుగా నడుస్తున్న జనాన్ని వంతెన మీద పోలీసులు లాఠీలతో కొట్టారు, దేశమంతా టీవీల్లో చూసింది, ఆగస్టుకల్లా ఓటు హక్కుల చట్టం వచ్చింది. రక్తం కారితే గాని 95 ఏళ్ల కింద రాసిన వాక్యానికి ప్రాణం రాలేదు. ఇంకా సవరణే అసలంటావా?

కోర్టు కాంపౌండ్

వృత్తి రీత్యా రోజూ ఈ అధికరణాలతోనే నా పని, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదవండి.

మిర్చి తమ్ముడు చెప్పిన లెక్కలు నిజమే. కానీ ఆ 1965 చట్టాన్ని దక్షిణాది రాష్ట్రాలు కోర్టులో సవాలు చేసినప్పుడు అది దేని మీద నిలబడింది? 15వ సవరణలోని రెండో సెక్షన్ మీదే. దీన్ని అమలు చేయడానికి కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, చట్టాలు చేయొచ్చని అందులో ఉంది. ఆ అధికారాన్ని మొదట్లో కొన్నాళ్లు వాడి ఆ తర్వాత దశాబ్దాల పాటు మూలన పడేశారు, 1965లో పూర్తి బలంతో బయటికి తీశారు. కేంద్రం తన సొంత మనుషులను జిల్లాలకు పంపి పేర్లు నమోదు చేయించింది. మిసిసిపీలో అంతకుముందు నల్లజాతి వయోజనుల్లో నూటికి ఏడుగురు కూడా జాబితాలో లేరు, 1967కల్లా దాదాపు అరవై మంది అయ్యారు. సెల్మాలో నడిచినవాళ్లకు ఆ పాత సవరణ లేకపోతే వాళ్లు అడిగిన చట్టానికి కాలు మోపే చోటు ఉండేది కాదు.

నేను చూసేది వేరే. సవరణలో హక్కు ఒక్కటే రాశారా, దాన్ని ఎవరు అమలు చేయాలి, ఎప్పటిలోగా చేయాలి అన్నది కూడా అందులోనే రాశారా? 15వ సవరణ మొదటి రకం, కాంగ్రెస్ చట్టం చేయొచ్చంది గాని చేసి తీరాలని, ఎప్పటిలోగా అని లేదు. మన 73వది రెండో రకం. ప్రతి ఐదేళ్లకు ఎన్నిక జరగాలి, రద్దు చేస్తే ఆరు నెలల్లో మళ్లీ పెట్టాలి అని 243ఈ, ఎన్నికలు పెట్టడానికి విడిగా రాష్ట్ర ఎన్నికల సంఘం ఉండాలని 243కె, పాత చట్టాలను ఏడాదిలోగా మార్చుకోవాలి, లేదంటే వాటికి కాలం చెల్లుతుందని 243ఎన్. మహిళలకు మూడో వంతుకు తగ్గకూడదన్నది కూడా తప్పనిసరే, ఆ పునాది మీదే మన రాష్ట్రం సగానికి పెంచుకుంది. అందుకే ఇష్టం లేని రాష్ట్రాలు కూడా కదలక తప్పలేదు.

ఇంకొకటి, మనవాళ్లు మరిచిపోయే సంగతి. 1951లో మొదటి సవరణ వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో కాలేజీ సీట్ల కోటా జీవోను చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేస్తే, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చని 15(4) చేర్చారు. అదే సవరణతో తొమ్మిదో షెడ్యూలు పుట్టింది, అందులో పెట్టిన చట్టాలను ప్రాథమిక హక్కుల పేరుతో కోర్టు కొట్టేయకుండా. అందులో మొట్టమొదట పెట్టిన 13 చట్టాల్లో హైదరాబాద్ రాష్ట్రం జాగీర్ల రద్దు రెగ్యులేషన్ ఉంది. మన తాతల కాలంలో జాగీర్దార్ల కింద నలిగిన ఊళ్ల సంగతి అది.

జనగామ ఆడబిడ్డ

అన్నలారా, ఇక్కడ అందరూ అమెరికా, సుప్రీంకోర్టు అంటున్నారు, నేను మా ఊరి సంగతి చెప్తా.

మా మేనత్త 2019లో సర్పంచ్ అయింది, మహిళా రిజర్వేషన్ రాబట్టే. ఏడో తరగతి దాకా చదివింది. మొదట్లో మిర్చి అన్న చెప్పినట్టే జరిగింది, ఫ్లెక్సీలో మామయ్య ఫొటో పెద్దగా, అత్తది మూలకు చిన్నగా, మండలాఫీసులో మీటింగుకు మామయ్యే పోయేవాడు, సంతకం కావాల్సినప్పుడు సెక్రటరీ కాగితం పట్టుకుని వంటింటి దాకా వచ్చేవాడు. ఇది చూసి మీలాంటివాళ్లే "అంతా కాగితం మీదే" అనేవాళ్లు.

ఒక సీసీ రోడ్డు బిల్లు దగ్గర మారింది. చెక్కు మీద అత్త సంతకం లేనిదే పైసలు కదలవు. ఆ రోడ్డు మా ఇంటి ముందు నుంచే పోతుంది. ఎంబీలో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, ఎంత పొడవు రాశారో చదవమంది, చదివారు. దర్జీ దగ్గరి నుంచి టేపు తెప్పించి, ఇద్దరు ఆడవాళ్లను తోడు తీసుకుని రోడ్డంతా కొలిచింది. రాసినదానికి, ఉన్నదానికి పొంతన లేదు. సంతకం పెట్టనంది. కాంట్రాక్టర్ వచ్చి మామయ్యతో మాట్లాడాడు, మామయ్య వచ్చి అత్తతో మాట్లాడాడు, ఇంట్లో వారం రోజులు టెన్షన్. మిగిలిన ముక్క పోశాకే బిల్లు పాసైంది. ఆ తర్వాత గ్రామసభకు అత్త ఒక్కతే పోయేది, మామయ్య బయట అరుగు మీద కూర్చునేవాడు.

రిజర్వేషన్ లేకపోతే అత్తకు ఆ కాగితం మీద సంతకం పెట్టే అధికారమే రాదు కదా. కొలవాలన్న ధైర్యం ఆమెది. కానీ ఆ ధైర్యానికి విలువ వచ్చింది సంతకం ఆమెది కాబట్టి.

ఎనుమాముల మిర్చి

చెల్లె చెప్పింది బాగుంది, మీ అత్తమ్మకు దండం. కానీ కోర్టు కాంపౌండ్ సార్‌కు నాదొక ప్రశ్న. తేదీలు, సంఘాలు అన్నీ రాసిన సవరణ గట్టిదంటున్నారు. మరి మన పంచాయతీల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది, ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఐదేళ్లకోసారి తప్పనిసరి అన్న 243ఈ ఎక్కడికి పోయింది? వీధి లైటు పోతే అడగడానికి మనిషి లేడు, ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్రం నిధులు ఆపింది.

కోర్టు కాంపౌండ్

న్యాయమైన ప్రశ్న. హైకోర్టు 2025 జూన్‌లో గడువు పెట్టి సెప్టెంబరు 30లోగా ఎన్నికలు పెట్టమని ఆదేశించింది కదా, ఆ ఆదేశానికి ఆధారం 243ఈ. ఆలస్యం జరిగింది, తప్పే, నేను సమర్థించను. కానీ 73వ సవరణ అమల్లోకి వచ్చిన 1993కు ముందైతే ఇట్లాంటి కేసు వేయడానికి రాజ్యాంగంలో ఆధారమే లేదు.

ఇక అసలు విషయం, 42 శాతం. ఇక్కడ చాలామంది చూడని తేడా ఒకటుంది. 243డి లో ఎస్సీ, ఎస్టీ, మహిళల రిజర్వేషన్ తప్పనిసరి. అదే అధికరణంలో ఆరో క్లాజు, బీసీల గురించి, రాష్ట్రం ఇష్టానికి వదిలేసింది, ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు. 2010లో కృష్ణమూర్తి కేసులో సుప్రీంకోర్టు స్థానిక సంస్థల్లో మొత్తం 50 శాతం దాటొద్దంది. ఏజెన్సీ ప్రాంతాలకే మినహాయింపు. అందుకే బీసీలకు 42 శాతం ఇస్తూ 2025 సెప్టెంబరులో ఇచ్చిన 9వ నంబరు జీవోపై అక్టోబరులో హైకోర్టు స్టే ఇచ్చింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు, ఎన్నికలు పాత పరిమితిలోనే జరిగాయి. ఎంతమంది రోడ్డెక్కినా జీవోతో ఆ గోడ కూలదు.

తమిళనాడు మాదిరి తొమ్మిదో షెడ్యూలులో పెడితే అయిపోతుంది అనేవాళ్లకు: వాళ్ల 69 శాతాన్ని 1994లో 76వ సవరణతో పెట్టారు, అది చదువులకు, ఉద్యోగాలకు. పైగా 2007లో కొయెల్హో కేసులో, 1973 ఏప్రిల్ 24 తర్వాత ఆ షెడ్యూలులో చేర్చిన ఏ చట్టాన్నయినా మౌలిక స్వరూపం పేరుతో, అంటే రాజ్యాంగం మూల సూత్రాలను దెబ్బతీస్తుందా అని, పరిశీలిస్తామని కోర్టు తేల్చింది. అట్లాగని దారి మూసుకుపోలేదు. 103వ సవరణతో వచ్చిన ఈడబ్ల్యూఎస్ పది శాతాన్ని 2022 నవంబరులో ముగ్గురు జడ్జీలు సరేనన్నారు, ఇద్దరు కాదన్నారు. 50 శాతం గీత దాటినా సవరణ నిలబడింది. అగ్రవర్ణ పేదల కోసం దాటిన గీత బీసీల కోసం ఎందుకు దాటకూడదు? ఈ ప్రశ్న పార్లమెంటులో అడగాలి, అక్కడ సమాధానం రాబట్టాలి.

గోవిందరావుపేట

ఏజెన్సీ వాడిని, నా మాట కూడా వినండి. 73వ సవరణ గొప్పదని ఇందాకటి నుంచి వింటున్నా. అందులోనే 243ఎం ఉంది, షెడ్యూల్డు ప్రాంతాలకు ఇది వర్తించదని. పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డు ప్రాంతాలకు తెచ్చే పెసా చట్టం మాకు 1996లో వచ్చింది, దాని రూల్స్ మన ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది 2011లో. దేశమంతా 1993లో మొదలైతే మాకు రూల్స్ దాకా రావడానికి 18 ఏళ్లు. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి 3వ నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మా పిల్లలు కోయ మాట్లాడుతుంటే అర్థమయ్యే పంతులు ఉండాలన్నది మా ఆశ. జీవో మీద బతికిన హక్కు జీవోతోనే పోయింది. కాజీపేట అన్న చెప్పినట్టు రాజ్యాంగంలో ఉంటే పోయేది కాదేమో.

రామప్ప దారి

సవరణలన్నీ హక్కులు పెంచేవే అన్నట్టు మాట్లాడుతున్నారు, అది నిజం కాదు. 1976లో ఎమర్జెన్సీలో తెచ్చిన 42వ సవరణ కోర్టుల చేతులు కట్టేసింది. 1978లో 44వ సవరణతో చాలావరకు సరిదిద్దారు, ఎమర్జెన్సీ పెట్టినా జీవించే హక్కును ఆపలేరని అప్పుడే రాశారు. మన దగ్గర చూస్తే, 1952లో స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనల కోసం వరంగల్ విద్యార్థులు లేచారు, 1972లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయంది, ఏడాది తిరిగేసరికి అవే రద్దయ్యాయి, వాటి స్థానంలో 32వ సవరణతో చదువులు, ఉద్యోగాల్లో స్థానికుల వాటా గురించి చెప్పే 371డి పెట్టారు. గెలిచిన హక్కును కూడా సవరణతో తీసేయొచ్చు, అందుకే ఎవరు తెస్తున్నారు, దేనికి తెస్తున్నారు అన్నది చూడాలి.

ఎనుమాముల మిర్చి

నేనన్నదీ అదే భాయ్. జనం మెలకువగా లేకపోతే రాసింది చెరిపేస్తారు. మొదటి సాధారణ ఎన్నికలప్పుడు 326 కింద ఆడవాళ్లందరికీ ఓటుంది, అయినా దాదాపు 28 లక్షల మంది పేర్లు జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది, ఎందుకంటే ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని రాయించుకున్నారు గాని సొంత పేరు చెప్పలేదు. వాళ్లను ఓటర్లను చేసింది ఆ తర్వాత ఇంటింటికీ తిరిగినవాళ్లు.

జనగామ ఆడబిడ్డ

చివరగా ఒకటి. 2023లో 106వ సవరణ చేశారు, చట్టసభల్లో మాకు మూడో వంతు. కానీ జనాభా లెక్కలు అయ్యాక, ఆ తర్వాత డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన) అయ్యాకే అమలని అందులోనే రాశారు. ఏ ఏడాదిలోగా అని లేదు. కోర్టు కాంపౌండ్ సార్ చెప్పిన ఏడాది గడువు సర్పంచులకు పెట్టగలిగినవాళ్లు ఎమ్మెల్యేలు, ఎంపీల దగ్గరికొచ్చేసరికి ఎందుకు పెట్టలేదు?

రేపు బీసీల కోసం సవరణ బిల్లు తయారైతే అందులో మూడు చూడండి: ఆరో క్లాజులో ఇష్టాన్ని తప్పనిసరి చేశారా, గడువు తేదీ ఉందా, గోవిందరావుపేట అన్నవాళ్లను మళ్లీ బయట వదిలేశారా. ఓట్లకు వచ్చే ఎంపీలను ఈ మూడూ అడగండి, మా ఊళ్లో మేమైతే అడుగుతాం.