అరుదైన సీతాకోకచిలుక కనబడిన చోటు బయటపెట్టాలా?

కొండదారి:
అరుణాచల్‌లోని ఈగల్‌నెస్ట్ అభయారణ్యం వైపు వెళ్లొచ్చిన మిత్రుడొకరు కైజర్-ఎ-హింద్ అనే అరుదైన సీతాకోకచిలుక ఫోటోను జీపీఎస్ లొకేషన్‌తో సహా మా గ్రూపులో పెట్టారు. లొకేషన్ తీసేయమన్నాను. చెబితేనే కదా జనం వెళ్లేది, అక్కడి బుగున్ తెగ కుర్రాళ్లకు నాలుగు డబ్బులొచ్చేది అంటారాయన. మీరేమంటారు?

రెక్కలు:
ఉంచాల్సిందే. 2006లో బుగున్ లియోసిక్లా అనే కొత్త పిట్ట సంగతి లోకానికి తెలిశాకే అక్కడి లామా క్యాంప్ అనే విడిదికి అంత పేరొచ్చింది. సింగ్‌చుంగ్ ఊరి బుగున్‌లు 2017లో తమ అడవిలో 17 చదరపు కిలోమీటర్లను కమ్యూనిటీ రిజర్వ్‌గా, అంటే ఊరే కాపాడుకునే రక్షిత అడవిగా వదిలారు. దాచిపెట్టి ఉంటే ఇదంతా జరిగేదా?

కొండదారి:
పిట్ట సంగతి వేరండీ. అసలు ఆ పిట్టను కూడా, కనుక్కున్న రమణ ఆత్రేయ చంపి నమూనాగా పెట్టెలో పెట్టలేదు. మరీ తక్కువ ఉన్నాయని, వలలో రాలిన ఈకలు, ఫోటోలతోనే కొత్త జాతిగా వర్ణించారు. సీతాకోకచిలుకలకైతే పిన్నుకు గుచ్చి అమ్ముకునే బజారుంది. కైజర్ మగవి పొద్దున్నే కొండ కొమ్మున చెట్ల చివర్లలో కూర్చుని, ఆడవాటి కోసం కాపు కాస్తాయి. ఇంకో మగది వస్తే తరిమి, మళ్లీ అదే కొమ్మ మీదికొస్తాయి. ఆ శిఖరం ఏదో తెలిస్తే వలవాడికి వెతికే పనే ఉండదు.

భూటాన్ గ్లోరీ అనే సీతాకోకచిలుకదీ అదే కథ. మన ఈశ్వరి తీగ జాతి తీగలే దాని గొంగళిపురుగుల తిండి. ఆ తీగలున్న చోటు చెప్పామంటే గుడ్లతో సహా అప్పగించినట్టే.

రెక్కలు:
దొంగలకు మన పోస్టులే కావాలా? పైగా 2008లో డార్జిలింగ్ దగ్గరి సింగలీలా నేషనల్ పార్కులో ఇద్దరు చెక్ కీటక శాస్త్రవేత్తలు అనుమతి లేకుండా కీటకాలు పట్టారని అరెస్టయినప్పుడు, పరిశోధనకే దెబ్బని ఎంతమంది బాధపడ్డారో గుర్తుందా? సమాచారం తొక్కిపెడితే లెక్కలెలా తేలతాయి?

చిట్టడవి:
లెక్కలకు, జనం తాము చూసిన జీవుల ఫోటోలు పెట్టే ఐనాచురలిస్ట్ సైటు ఉంది కదా. ముప్పున్న జాతుల అసలు చోటును దాదాపు 20 కిలోమీటర్ల గడిలో కలిపేసి చూపిస్తుంది. పరిశోధకులకు అసలు వివరం అడిగితే ఇవ్వొచ్చు. నన్ను కలవరపెట్టేది ఇంకోటి. ఏ నెలలో ఏ మలుపు దగ్గర ఏది వాలుతుందో తెలియడమే అక్కడి గైడ్‌కి పెట్టుబడి. దాన్ని మనం ఫోన్ మ్యాప్‌లో ఉచితంగా పంచితే రేపు అతన్నెవరు పిలుస్తారు? జిల్లా, ఎత్తు, నెల రాయండి. మిగతాది అతన్నే చూపించనివ్వండి.

రెక్కలు:
గైడ్ విషయం ఒప్పుకుంటాను. కానీ ఏది చెప్పాలో, ఏది దాచాలో హైదరాబాద్‌లో కూర్చుని మనం తేల్చడమేంటి? సింగ్‌చుంగ్ వాళ్లనే అడగాలి.