కింగ్‌స్టన్, 1735: రికార్డుల్లో ఆగిపోయిన పిల్లల సంగతి ఎలా తేల్చాలి?

ప్రశ్న:
అమెరికాలో న్యూహాంప్‌షైర్‌లోని కింగ్‌స్టన్‌లో 1720ల్లో స్థిరపడ్డ ఒక ఇంటి వంశావళి ఇది. చర్చి బాప్తిస్మాల పుస్తకంలో 1726 నుంచి 1734 దాకా నలుగురు పిల్లలున్నారు. పెద్దమ్మాయి మేరీ. 1737లో అదే తండ్రి కూతురిగా ఇంకో మేరీకి బాప్తిస్మం జరిగింది. మొదటి నలుగురికీ మరణ నమోదు లేదు, తర్వాత పెళ్లిళ్లలోనూ పన్ను జాబితాల్లోనూ కనబడరు. ఆన్‌లైన్ వంశవృక్షాల్లో ఇద్దరు మేరీలనూ ఒక్కరిగానే చూపారు. ఆ నలుగురూ 1735లో అక్కడ ప్రబలిన గొంతు జబ్బుతోనే పోయారని రాయొచ్చా?

జవాబు 1:
అనుమానానికి గట్టి ఆధారమే ఉందండి. ఆ జబ్బు 1735 మేలో కింగ్‌స్టన్‌లోనే మొదలైంది. అది డిఫ్తీరియా, మన పాఠ్యపుస్తకాల్లోని కంఠసర్పి. గొంతులో తెల్లటి పొర కట్టి ఊపిరాడనివ్వదు. ఒకరికి సోకితే ఇంట్లో పిల్లలందరికీ పాకేది. పోర్ట్స్‌మౌత్ పాస్టర్ జాబెజ్ ఫిచ్ 1736 జులైలో రాసిన లెక్క ప్రకారం న్యూహాంప్‌షైర్ ప్రావిన్స్‌లో 984 మంది పోయారు, అందులో 802 మంది పదేళ్ల లోపువాళ్లు. పక్కనున్న హాంప్టన్ ఫాల్స్‌లోనే 210 మంది. కాకపోతే ఫిచ్ ఊరివారీగా, వయసువారీగా సంఖ్యలే ఇచ్చారు, పేర్లు లేవు. అందుకని మీ ఇంటికి అది నేరుగా సాక్ష్యం కాదు.

జవాబు 2:
మేరీలను కలిపేయడం చాలామంది చేసే తప్పు. పోయిన బిడ్డ పేరు తర్వాత పుట్టినవాళ్లకు పెట్టడం అక్కడ మామూలే. రెండో మేరీ బాప్తిస్మం నాటికి మొదటి మేరీ లేదనే అనుకోవచ్చు.

తేదీలు మాత్రం జాగ్రత్త. 1752 దాకా అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. సమాధి రాతి మీద "ఫిబ్రవరి 10, 1735" అని ఉంటే మన లెక్కలో అది చాలావరకు 1736. ఉన్నదున్నట్టు చదివితే జబ్బు రావడానికి మూడు నెలల ముందే పోయినట్టు తేలి, ఆ బిడ్డను జాబితాలోంచి తీసేస్తాం. అసలైతే జబ్బు విజృంభించిన శీతాకాలమే అది. 1735/6 అని గీతతో రాసి ఉంటే ఏ గొడవా లేదు. సంవత్సరాన్ని సరిదిద్దినప్పుడు పక్కన మూలంలోని రాతనూ ఉంచండి.

వయసుదీ ఇదే తంటా. "నాలుగో ఏట" అని చెక్కితే నిండినవి మూడేళ్లే. నాలుగు తీసేస్తే పుట్టిన ఏడు తప్పుతుంది.

జవాబు 3:
తండ్రి వీలునామా చూశారా? 1771కి ముందు న్యూహాంప్‌షైర్‌లో కౌంటీ ప్రొబేట్ (వీలునామాలు, వారసత్వ ఆస్తుల వ్యవహారం చూసే కోర్టు) లేదు, అంతా ప్రావిన్స్ దస్త్రాల్లోనే. అచ్చయిన స్టేట్ పేపర్స్‌లో 31 నుంచి 39 సంపుటాలు అవే. 1718–1740 కాలానిది 32వది. సారాంశంతో సరిపెట్టుకోకండి, ఆస్తి పంపకం కాగితం, మైనర్లకు సంరక్షకుడి నియామకం మూల దస్త్రంలో వెతకండి. పద్నాలుగు నిండిన పిల్లలు సంరక్షకుణ్ని తామే ఎంచుకునేవారు కాబట్టి వయసు కూడా తేలుతుంది. వీలునామాలో పేరు లేనంత మాత్రాన పోయినట్టు కాదు, ముందే వాటా ఇచ్చేసి ఉండొచ్చు. పంపకంలో లేకపోతే ఆ సాక్ష్యం బలమైనది.

ఇంకొకటి, హాంప్టన్ నుంచి కెన్సింగ్టన్ 1737లో, కింగ్‌స్టన్ నుంచి ఈస్ట్ కింగ్‌స్టన్ 1738లో విడిపోయాయి. ఇల్లు కదలకపోయినా ఆ కుటుంబం రికార్డు వేరే చర్చికి మారి ఉండొచ్చు. ఆ పుస్తకాలు చూడకుండా "కనబడరు" అనకండి.

ప్రశ్న అడిగినవారు:
పంపకం కాగితంలో 1737 మేరీ, ఆ తర్వాతి తమ్ముడు మాత్రమే ఉన్నారు. ఈస్ట్ కింగ్‌స్టన్ పుస్తకంలోనూ పాత నలుగురు లేరు. మరి తేదీ గడిలో ఏం రాయాలి?

జవాబు 2:
మొదటి మేరీకి "బాప్తిస్మం తర్వాత, రెండో మేరీ 1737 బాప్తిస్మానికి ముందు మరణం" అని రాయండి. మిగతా ముగ్గురికి పై హద్దు పంపకం తేదీయే, 1737 కాదు. మరణ తేదీ గడిలో 1735 అని మాత్రం వేయొద్దు, ఎవరో ఒకరు దాన్నే నిజమనుకుని ఎత్తి రాసుకుంటారు. కారణం గడి ఖాళీగా వదిలి, గొంతు జబ్బు మాట వివరణలో "బహుశా" అని పెట్టండి. నలుగురికీ నాలుగు వేర్వేరు నమోదులు ఉండాలి. ఆ పిల్లల పేరున మిగిలింది ఆ బాప్తిస్మం వరుస ఒక్కటే కాబట్టి దాన్ని అక్షరం పొల్లుపోకుండా దించండి.