కాన్ఫిగ్ ఫైల్ మారగానే సర్వీసును టూలే రీస్టార్ట్ చేసేయాలా, మనిషి చెప్పేదాకా ఆగాలా?

రుషికొండ_రూట్:
మా ఆఫీసులో ఈ వారం రెండు పార్టీలుగా చీలిపోయి కొట్టుకుంటున్నాం. పంచాయితీ ఇక్కడికి తెచ్చాను, పెద్దలు తీర్పు చెప్పాలి.

సంగతి ఇదీ. మా అప్లికేషన్ సర్వర్లన్నీ పప్పెట్ (సర్వర్ల సెట్టింగులు మనం రాసినట్టే ఉండేలా చూసే టూల్) కింద ఉన్నాయి. (నిజానికి ఇప్పుడు వాడేది ఓపెన్‌వాక్స్. పప్పెట్‌ని కొనుక్కున్న పర్‌ఫోర్స్ వాళ్లు ప్యాకేజీల విషయంలో పద్ధతి మార్చాక కమ్యూనిటీ వేరుగా తెచ్చుకుంది కదా, అది. నోటికి అలవాటై పప్పెట్ అనే అంటున్నాం.) ఒక్కో సర్వర్ మీదుండే దాని ఏజెంట్ డిఫాల్ట్ ప్రకారం 30 నిమిషాలకోసారి రన్ అవుతుంది. మా జావా అప్లికేషన్‌ని నడిపే టామ్‌క్యాట్ ప్రాపర్టీస్ ఫైల్ నుంచి సర్వీసుకి నోటిఫై పెట్టి ఉంది, అంటే ఫైల్లో ఒక్క అక్షరం మారినా టామ్‌క్యాట్ రీస్టార్టే. మొన్న మధ్యాహ్నం ఒకాయన లాగ్ లెవల్ మార్చి మెర్జ్ చేశాడు. అరగంట సేపు ఒక్కో నోడ్ (సర్వర్) తన వంతు రాగానే రీస్టార్ట్ అవుతూ పోయింది. సెషన్లు మెమరీలోనే పెట్టుకునే పాత అప్లికేషన్ అది. వాడుతున్నవాళ్లు ఉన్నట్టుండి లాగౌట్ అయ్యారు, సగం నింపిన ఫారాలు గాలిలో కలిశాయి. అన్నీ ఒకేసారి పడిపోయి ఉంటే మానిటరింగ్ వెంటనే గోల పెట్టేది. ఒకటి లేచాక ఇంకొకటి పడటంతో గ్రాఫులు పచ్చగానే ఉన్నాయి, సపోర్ట్ వాళ్ల ఫోన్లు మాత్రం ఆగలేదు.

ఇప్పుడు మేనేజరు గారి ఆర్డరు ఏంటంటే, ప్రతి నోటిఫై పీకేయాలి, టూల్ ఫైల్ పెట్టేసి ఊరుకోవాలి, రీస్టార్ట్ మాత్రం రాత్రి మెయింటెనెన్స్ టైములో మనిషే చేయాలి. నాకిది మింగుడుపడటం లేదు. ఇంత ఆటోమేషన్ పెట్టుకుని మళ్లీ చేత్తో రీస్టార్టులా? మీ దగ్గర ఎలా నడుస్తోంది?

సీతమ్మధార_డీబీఏ:
నా ఓటు మీ మేనేజరు గారికే.

నేను చూసేది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. ఒకే కాన్ఫిగ్ ఫైల్లో రెండు రకాల సెట్టింగులుంటాయి. వర్క్ మెమరీ లాంటిది మారిస్తే రీలోడ్ (సర్వీసు ఆగకుండా ఫైల్ మళ్లీ చదవడం) చాలు, ఎవరి కనెక్షనూ తెగదు. షేర్డ్ బఫర్స్, మ్యాక్స్ కనెక్షన్స్ లాంటివి రీస్టార్ట్ అడుగుతాయి. మీ పప్పెట్‌కి ఆ తేడా తెలుసా? దానికి తెలిసింది ఒక్కటే, ఫైల్ మారిందా లేదా. రీలోడ్‌తో పోయేదానికి డేటాబేస్ మొత్తాన్ని పడగొడుతుంది. కనెక్షన్లన్నీ తెగుతాయి, డేటాబేస్ సొంత క్యాష్ ఖాళీ అవుతుంది, ఆ తర్వాత కాసేపు క్వెరీలు నెమ్మదిస్తాయి.

ఇంకో సంగతి. మ్యాక్స్ కనెక్షన్స్ పెంచాలంటే ముందు స్టాండ్‌బైలో (నకలుగా నడిచే డేటాబేస్) పెంచి, తర్వాత ప్రైమరీలో (అసలుది) పెంచాలి. తగ్గించేటప్పుడు వరస తిరగబడుతుంది. తప్పితే స్టాండ్‌బై ముందుకు కదలదు. అరగంటలో ఏ నోడ్ వంతు ముందొస్తే అది రీస్టార్ట్ అయిపోయే ఏర్పాటులో ఈ వరస ఎవరు చూస్తారు? డేటాబేస్ దగ్గరికి మాత్రం నోటిఫై రానివ్వను.

గాజువాక_నైట్‌షిఫ్ట్:
మేడమ్ చెప్పినదాంట్లో డేటాబేస్ వరకు ఒప్పుకుంటాను. కానీ అప్లికేషన్ సర్వర్లకి కూడా అదే మందు వేస్తే రోగం లోపల పెరుగుతుంది.

హుద్‌హుద్ తుపాను నాడు విశాఖలో ఉన్నవాళ్లకి నేను చెప్పేది వెంటనే ఎక్కుతుంది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. అప్పట్లో నేను పనిచేసే కంపెనీకి ద్వారకానగర్‌లో సొంత సర్వర్ రూము ఉండేది. కరెంటు పోయింది, యూపీఎస్ అయిపోయింది, జనరేటరుకి డీజిల్ దొరకడం గగనమైంది. రోజులు గడిచాక కరెంటొచ్చి మెషిన్లు లేచాయి. సర్వీసులు లేవలేదు. కొన్నింటిని ఎవరో ఎప్పుడో చేత్తో స్టార్ట్ చేసి వదిలేశారు, బూట్‌లో ఎనేబుల్ చేయలేదు. అవి తేలికే, చూడగానే దొరికాయి.

ఏడిపించినవి మిగతావి. వాటి కాన్ఫిగ్ నెలల కిందటే మారింది. రీస్టార్ట్ మాత్రం "తర్వాత చూద్దాం" అని ఆగిపోయింది. ప్రాసెస్ పాత విలువలు మెమరీలో పెట్టుకుని అన్నాళ్లూ హాయిగా నడిచింది. తుపాను తర్వాతే కొత్త ఫైల్‌ని మొదటిసారి చదివింది. ఆ ఫైల్లో తప్పుంది. మార్చినతను ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఫోన్ చేద్దామంటే టవర్లు లేవు. ఎందుకు మార్చాడో, పాత విలువ ఏంటో రాసిన కాగితం లేదు. సగం సర్వర్లలో ఒక వెర్షన్, సగంలో ఇంకోటి.

మార్చిన రోజే రీస్టార్ట్ అయ్యుంటే ఆ తప్పు అతను కుర్చీలో ఉండగానే బయటపడేది. మీ మేనేజరు గారు పీకిస్తున్న నోటిఫై చేసే పని అదే. మొన్న పడిన దెబ్బ మధ్యాహ్నం పడింది, అందరూ ఆఫీసులో ఉన్నారు, ఏ మార్పు వల్లో తెలిసింది, సాయంత్రానికి సర్దుకున్నారు. నాకైతే ఈ దెబ్బే నయం.

భీమిలి_బాష్:
మీ గొడవ సర్దాగా ఉందండీ. పప్పెట్ మీద నా మంట ఏటో సెప్తాను. రాత్రి డిస్కు మార్చడానికని సర్వీసు ఆపీసాం. టీ తాగొచ్చేసరికి అది లేచి కూర్చుంది. ఎవుడ్రా లేపిందీ అని అందరం ఒకల మొకాలు ఒకలం సూసుకున్నాం. "ఎన్షూర్ రన్నింగ్", అంటే ఎప్పుడూ నడుస్తుండాలని రాసుందిగా మరి, పప్పెట్ దాని పని అది సేసీసింది. ముందు ఏజెంట్‌ని డిసేబుల్ సెయ్యాలట. సేస్తాం బాబూ, మళ్లీ ఎనేబుల్ ఎవుడు సేస్తాడు? మా దగ్గర కొన్ని మెషిన్ల మీద ఏజెంటు ఆపీసి ఎన్నాళ్లయిందో దేవుడికే తెలాలి.

పెందుర్తి_ప్లేబుక్:
భీమిలి అన్నా, డిసేబుల్ చేసేటప్పుడు కారణం కూడా రాయొచ్చు. అది లాక్ ఫైల్లో ఉంటుంది, తర్వాత ఎవరు రన్ చేసినా స్క్రీన్ మీద కనిపిస్తుంది. పేరు, తేదీ రాయడం అలవాటు చేయించండి.

అసలు విషయానికొస్తే, నోటిఫై ఉండాలా వద్దా అని వాదించుకునేవాళ్లంతా ఒకటి నమ్మేస్తున్నారు, నోటిఫై ఉంటే రీస్టార్ట్ జరిగి తీరుతుందని. జరగదు. మేం యాన్సిబుల్ వాడతాం, పప్పెట్ లాంటి టూలే. ప్లేబుక్‌లో (చేయాల్సిన పనుల జాబితా) కాన్ఫిగ్ టెంప్లేట్ మారింది, హ్యాండ్లర్‌కి (రీస్టార్ట్ చేసే పని) కబురెళ్లింది. హ్యాండ్లర్లు మామూలుగా ప్లే చివర్లోనే రన్ అవుతాయి. ఈలోపు మధ్యలో వేరే టాస్క్ ఫెయిలైంది, ఆ హోస్ట్ మీద ప్లే అక్కడే ఆగింది, హ్యాండ్లర్ రన్ కాలేదు. మనం ఫెయిలైన టాస్క్‌ని సరిచేసి మళ్లీ రన్ చేశాం. ఇప్పుడు టెంప్లేట్ వంతు వచ్చేసరికి ఫైల్ ఆల్రెడీ కొత్తదే, "మారలేదు" అంటుంది. హ్యాండ్లర్‌కి కబురే వెళ్లదు. రిపోర్ట్ అంతా పచ్చగా ఉంటుంది, ప్రాసెస్ మాత్రం పాత కాన్ఫిగ్‌తోనే నడుస్తుంటుంది. అచ్చంగా నైట్‌షిఫ్ట్ మాస్టారు చెప్పిన హుద్‌హుద్ కథే, ఈసారి ఆటోమేషన్ పెట్టుకుని మరీ. ఫోర్స్ హ్యాండ్లర్స్ అనే ఆప్షన్ ఉంది, హ్యాండ్లర్లను మధ్యలోనే ఫ్లష్ చేయొచ్చు. రాసేవాడికి గుర్తుంటేనే.

పప్పెట్ వాళ్లు నవ్వుకోకండి. మీ దగ్గరా రన్ మధ్యలో తెగిపోతే ఆ నోటిఫై పోయినట్టే. తర్వాతి రన్‌లో ఫైల్ సరిగ్గానే ఉంటుంది కాబట్టి దానికి ఏమీ గుర్తుండదు.

రుషికొండ_రూట్:
ఇది నేను ఆలోచించలేదు. అంటే ఫైల్ ఎలా ఉండాలో టూల్‌కి ఎప్పుడూ తెలుసు, రీస్టార్ట్ అయిందో లేదో మాత్రం ఒక్కసారే తెలుస్తుంది, అది జారిపోతే ఇక అంతేనా?

పెందుర్తి_ప్లేబుక్:
అంతే తమ్ముడూ. అందుకే ప్రాసెస్ ఎప్పుడు మొదలైందో, ఫైల్ ఎప్పుడు మారిందో రెండూ పోల్చి చూసే చిన్న స్క్రిప్ట్ ఒకటి అన్ని మెషిన్ల మీదా పెట్టాం. ఫైల్ తర్వాతిది అయితే "రీస్టార్ట్ బాకీ" అని మానిటరింగ్‌కి చెబుతుంది. నోటిఫై ఉన్నా లేకపోయినా అది పట్టేస్తుంది.

సీతమ్మధార_డీబీఏ:
పోస్ట్‌గ్రెస్‌లో ఇది లోపలే ఉంది. రీలోడ్ చేశాక పీజీ సెట్టింగ్స్ అనే వ్యూలో పెండింగ్ రీస్టార్ట్ కాలమ్ చూడండి, ఏ సెట్టింగు రీస్టార్ట్ కోసం ఆగి ఉందో చెబుతుంది. 9.5 వెర్షన్ నుంచీ ఉంది. నేను ప్రతి ఉదయం చూస్తాను. అందుకే మనిషి చాలు అంటున్నాను.

గాజువాక_నైట్‌షిఫ్ట్:
మీరు చూస్తారు మేడమ్. మీరు సెలవు పెట్టిన వారం ఎవరు చూస్తారు?

మనుషులు జాగ్రత్తగా చేస్తారనే మాట విన్నప్పుడల్లా నాకు నైట్ క్యాపిటల్ గుర్తొస్తుంది. అమెరికాలో షేర్ల ట్రేడింగ్ కంపెనీ. ఎనిమిది సర్వర్ల మీదకి కొత్త కోడ్ ఎక్కించాలి, టెక్నీషియన్ ఏడింటి మీదకే ఎక్కించాడు. సరిచూసే రెండో మనిషి లేడు. 2012 ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే ఎనిమిదో సర్వర్‌లో ఎప్పుడో వాడటం మానేసిన పాత కోడ్ నిద్రలేచింది. ముప్పావుగంటలో తప్పుడు ఆర్డర్లు కుమ్మేసింది. అక్కడి రెగ్యులేటర్ ఆర్డర్‌లో రాసిన నష్టం 46 కోట్ల డాలర్లకు పైమాటే. అన్ని మెషిన్లూ ఒకేలా ఉన్నాయో లేదో చూసే టూల్ ఒకటి ఉంటే ఆ ఎనిమిదోది ముందు రోజే దొరికిపోయేది.

సీతమ్మధార_డీబీఏ:
మాస్టారూ, ఆ ఉదాహరణ మీ వాదనకి అతకదు. అన్ని సర్వర్లలో ఒకే కోడ్, ఒకే ఫైల్ ఉందో లేదో టూల్ చూడాలంటే నాకేం అభ్యంతరం? చూడనివ్వండి, పెట్టనివ్వండి. నేను వద్దంటున్నది, పట్టపగలు, ఎవరూ అడగకుండా అది సర్వీసును పడగొట్టడం. ఈ రెండింటినీ మీరు ఒకే మూట కట్టేస్తున్నారు.

గాజువాక_నైట్‌షిఫ్ట్:
సరే, ఆ మాట తీసుకుంటున్నాను. మూట విప్పాను.

మధురవాడ_పాడ్:
ఏమనుకోకండి, ఈ గొడవంతా పాత సర్వర్లు పట్టుకుని వేలాడుతున్నందుకే కదా? కంటైనర్లను నడిపే కుబర్నెటీస్‌కి వచ్చేయండి. సర్వర్‌ని మార్చడం ఉండదు, కొత్త పాడ్ (అప్లికేషన్ నడిచే కంటైనర్ల గుంపు) పుడుతుంది, పాతది పోతుంది. పప్పెట్ అవసరమే రాదు.

పెందుర్తి_ప్లేబుక్:
వచ్చేశాం బాబూ, సగం అప్లికేషన్లు అక్కడే ఉన్నాయి. కాన్ఫిగ్‌మ్యాప్ (అక్కడ సెట్టింగులు పెట్టే చోటు) మార్చి చూడు. వాల్యూమ్‌గా మౌంట్ చేస్తే ఫైల్ కాసేపట్లో పాడ్‌లో మారుతుంది, అప్లికేషన్ దాన్ని మళ్లీ చదవదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఇస్తే పాడ్ రీస్టార్ట్ అయ్యేదాకా పాత విలువే. సబ్‌పాత్‌తో మౌంట్ చేస్తే ఫైల్ కూడా మారదు. అందుకే హెల్మ్ (కుబర్నెటీస్ మీద అప్లికేషన్లు ఎక్కించే టూల్) వాళ్లు కాన్ఫిగ్ చెక్‌సమ్‌ని (ఫైల్‌కి వేలిముద్ర లాంటిది) పాడ్ యానొటేషన్‌లో పెట్టమంటారు, కాన్ఫిగ్ మారితే చెక్‌సమ్ మారి రోల్ఔట్ మొదలవుతుంది. అది నోటిఫై కాకపోతే మరేంటి? నువ్వు దాటొచ్చాననుకుంటున్న ప్రశ్న నీతోపాటే వచ్చింది.

ఒక్క తేడా ఉంది, ఒప్పుకుంటాను. అక్కడ కొత్త పాడ్ రెడీ అని చెప్పేదాకా పాతదాన్ని తీయకుండా చూసుకోవచ్చు. పప్పెట్‌లో "రన్నింగ్" అంటే సాధారణంగా ప్రాసెస్ బతికుందని మాత్రమే. టామ్‌క్యాట్ బతికే ఉంటుంది, లోపల అప్లికేషన్ డిప్లాయ్ కాక ప్రతి రిక్వెస్టుకీ ఎర్రర్ ఇస్తుంటుంది, పప్పెట్ మాత్రం అంతా బావుందంటుంది.

మధురవాడ_పాడ్:
చెక్‌సమ్ సంగతి నిజమే. రెడీనెస్ ప్రోబ్ (పాడ్ రెడీనా అని చూసే చెక్) సరిగ్గా రాయనివాడికి అక్కడా ఇదే గతి, అది వేరే విషయం.

రుషికొండ_రూట్:
ఇంతసేపు చదివాక మేనేజరు గారి దగ్గరికి ఇలా వెళ్దామనుకుంటున్నాను, లోపాలుంటే ఇప్పుడే చెప్పండి.

వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్‌కి నోటిఫై ఉంటుంది, కానీ రీస్టార్ట్ కాదు, రీలోడ్. కాన్ఫిగ్‌లో తప్పుంటే రీలోడ్ చేసినా పాత కాన్ఫిగ్‌తోనే సేవ సాగుతుంది, బావుంటే కొత్త వర్కర్లు మొదలై పాతవి చేతిలో ఉన్న రిక్వెస్టులు ముగించి తప్పుకుంటాయి. పట్టపగలు చేసినా భయం లేదు.

టామ్‌క్యాట్ నోటిఫై తీసేస్తాం. ఎన్షూర్ రన్నింగ్, ఎనేబుల్ మాత్రం ఉంచుతాం, హుద్‌హుద్ లాంటిది మళ్లీ వస్తే సర్వీసులు వాటంతటవి లేవాలి. పెందుర్తి అన్న చెప్పిన "రీస్టార్ట్ బాకీ" చెక్ పెడతాం. బాకీ ఉన్న నోడ్లను తెల్లవారుజామున యాన్సిబుల్‌తో ఒక్కొక్కటిగా, సీరియల్ 1 పెట్టి, లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్టులను సర్వర్లకు పంచేది) నుంచి తప్పించి రీస్టార్ట్ చేసి, లాగిన్ పేజీ నిజంగా తెరుచుకుంటోందో లేదో చూసి మళ్లీ కలుపుతాం. ఒకటి ఫెయిలైతే మిగతావాటి జోలికి వెళ్లదు. సెషన్లను మెమరీ నుంచి బయటకు తీయడం ఎలాగూ చేయాల్సిందే, అది డెవలపర్ల నెత్తిన పెడతాను.

గాజువాక_నైట్‌షిఫ్ట్:
బావుంది. కానీ గడువు రాయలేదు. "తెల్లవారుజామున" అంటే ఏ తెల్లవారు? ఈ నెలా, వచ్చే నెలా? బాకీ 24 గంటలు దాటితే ఎవర్నీ అడక్కుండా ఆ ప్లేబుక్ దానంతటదే మొదలవ్వాలి. లేకపోతే మీ మానిటరింగ్‌లో ఆ పసుపు రంగు హెచ్చరికకి అందరూ అలవాటు పడిపోతారు, ఎవడూ పట్టించుకోడు.

భీమిలి_బాష్:
డిసేబుల్ సేసీసిన ఏజెంట్ల లిస్టు కూడా అదే బోర్డు మీద ఎట్టండి. ఎవుడు ఆపాడో పేరుతో సహా.

రుషికొండ_రూట్:
24 గంటలు కొంచెం బిగుతే, శుక్రవారం మెర్జ్ చేస్తే శనివారం తెల్లవారుజామున ఎవరు లేస్తారు? 72 పెడతాను. పేర్ల లిస్టు రేపే పెట్టేస్తాను.

సీతమ్మధార_డీబీఏ:
72 అయినా 24 అయినా, డేటాబేస్ నోడ్లకి ఆ గడువు వర్తించదని ఆ టికెట్‌లోనే రాయండి. స్టాండ్‌బై ముందు, ప్రైమరీ తర్వాత అనే వరస ప్లేబుక్‌లో రాసి, టెస్ట్ క్లస్టర్ మీద నా ఎదురుగా నడిపి చూపించిన రోజున గడువు సంగతి మాట్లాడదాం.

గాజువాక_నైట్‌షిఫ్ట్:
ఆ ప్లేబుక్ నేను రాస్తాను మేడమ్. ఏ వెర్షన్ పోస్ట్‌గ్రెస్, స్టాండ్‌బైలు ఎన్ని, చెప్పండి.