చివరి రౌండ్ల ఆణిముత్యాలు: స్కౌట్ల నేర్పా, నక్క తోక తొక్కడమా?

ఫ్రిస్కో ప్రేక్షకుడు:

అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ వచ్చిన ప్రతిసారీ మనవాళ్ల మధ్య ఇదే వాదన. ఈసారి తేల్చుకుందాం. కొత్తవారి కోసం రెండు ముక్కలు చెబుతాను. ఎన్ఎఫ్ఎల్‌లోని 32 జట్లు ఏటా ఏడు రౌండ్లలో కళాశాల ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి. ఎవరిలో సత్తా ఉందో ముందే చూసి చెప్పేవాళ్లే స్కౌట్లు. పేరు మోసినవాళ్లంతా మొదట్లోనే పోతారు. ఐదో రౌండ్ దాటాక ఎంపికైనవారిలో చాలామంది ఎక్కువకాలం నిలవరు. అయినా ఎప్పుడో ఒకసారి అక్కడి నుంచే ఒక మహానుభావుడు పుట్టుకొస్తాడు, ఆ జట్టు జనరల్ మేనేజర్‌కు మేధావి బిరుదు దక్కుతుంది.

ఆ బిరుదు న్యాయమేనా అన్నదే నా ప్రశ్న. 2000లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపేవాడు) టామ్ బ్రేడీని ఆరో రౌండ్‌లో, 199వ స్థానంలో తీసుకుంది. ఏడు సూపర్ బౌల్‌లు, అంటే లీగ్ ఫైనల్స్, గెలిచిన మనిషి. కానీ అదే జట్టు అదే రౌండ్‌లో 187వ స్థానంలో యాంట్వాన్ హారిస్ అనే డిఫెన్స్ ఆటగాడిని ముందు తీసుకుంది. బ్రేడీ ఏమవుతాడో తెలిసినవాడెవడైనా ఆ అవకాశాన్ని ఇంకొకరి మీద ఖర్చు చేస్తాడా? చివరి రౌండ్లలో గాలివాటమే ఎక్కువని నా పక్షం. కాదనేవారు రండి.

పాత సీహాక్:

ఆగడం కూడా విద్యే అండీ. తక్కువకు వస్తుందని తెలిసినదానికి ముందే ఎక్కువ ధర ఎవరూ పెట్టరు.

సియాటిల్ సీహాక్స్ జట్టునే చూడండి. కోచ్ పీట్ కారల్, జనరల్ మేనేజర్ జాన్ ష్నైడర్ 2010లో పగ్గాలు పట్టారు. ఆ ఏడాది ఐదో రౌండ్‌లో కామ్ చాన్సెలర్. మరుసటి ఏడాది ఐదో రౌండ్‌లో రిచర్డ్ షెర్మన్, ఆరో రౌండ్‌లో బైరన్ మాక్స్‌వెల్, ఏడో రౌండ్‌లో మాల్కమ్ స్మిత్. 2014 ఫిబ్రవరిలో డెన్వర్‌ను 43-8తో మట్టికరిపించిన సూపర్ బౌల్‌లో అత్యుత్తమ ఆటగాడి బహుమతి అందుకున్నది ఆ మాల్కమ్ స్మితే, డ్రాఫ్ట్‌లో 242వ వాడు.

వీళ్లు వెతికింది పొడుగు చేతులున్న కార్నర్‌బ్యాక్‌లను, అంటే బంతి అందుకునే ప్రత్యర్థులను కాచేవాళ్లను. షెర్మన్ ఆరడుగుల మూడంగుళాల మనిషి. స్టాన్‌ఫర్డ్‌లో రిసీవర్‌గా, అంటే బంతి అందుకునేవాడిగా ఆడి, తర్వాత డిఫెన్స్‌కు మారినవాడు. మిగతా జట్లకు అతను సగం నేర్చుకున్న పనివాడిలా కనిపించాడు. సియాటిల్‌కు మాత్రం కావలసిన కొలతకు సరిపోయాడు. తమకేం కావాలో తెలిసి, అది ఇతరులకు అక్కర్లేదని కూడా తెలియడం నేర్పు కాకపోతే మరేమిటి?

బొమ్మా బొరుసా:

సీహాక్ గారూ, మీ జాబితాలో ఒక పేరు జారిపోయింది. మార్క్ లెగ్రీ. షెర్మన్‌ను 154లో తీసుకున్న ఆ బల్ల ముందే కూర్చున్న ఆ మనుషులే, 156లో తీసుకున్న సేఫ్టీ, అంటే వెనక కాపు కాసే డిఫెన్స్ ఆటగాడు. మధ్యలో ఒక్క ఎంపికే తేడా. సీజన్ మొదలుకాకముందే అతన్ని వదిలేశారు. షెర్మన్‌ను పట్టిన చూపు, నిమిషాల వ్యవధిలో ఎటు పోయినట్టు?

ఒక్క పేరుతో ఏదీ రుజువు కాదు, ఒప్పుకుంటాను. కాబట్టి లెక్క చూద్దాం. కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే ఇద్దరు పరిశోధకులు ఏళ్ల తరబడి జరిగిన డ్రాఫ్ట్‌లను తవ్విపోశారు. ఈ థేలర్‌కే 2017లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఒకే రకం ఆటగాళ్లలో, ఉదాహరణకు రిసీవర్లలో, ముందు ఎంపికైనవాడు ఆ తర్వాత ఎంపికైనవాడికంటే మెరుగ్గా తేలే అవకాశం సుమారు 52 శాతమని వాళ్లు చూపించారు. అన్ని రౌండ్లూ కలిపి మాట ఇది. నాణెం ఎగరేస్తే 50. ఇన్ని కెమెరాలు, ఇంతమంది స్కౌట్లు, ఇన్ని పరుగు పరీక్షలు కలిసి తెచ్చిపెట్టినది ఆ రెండు శాతం.

ఇంకో మాట. 32 జట్లూ కళ్లు మూసుకుని నాణెం ఎగరేసినా, వరుసగా ఐదుసార్లు బొమ్మే పడే జట్టు సగటున ఒకటి ఉంటుంది. మనం ఆ జట్టునే పట్టుకుని దాని రహస్యం ఏమిటని అడుగుతాం. సియాటిల్‌లో 2012 తర్వాత కూడా అదే కోచ్, అదే మేనేజర్. తొలి మూడేళ్ల పంట మళ్లీ పండలేదేం?

చదువరి:

అయితే స్కౌట్ల జీతాలు దండగేనా?

బొమ్మా బొరుసా:

దండగ అనలేదండీ. మొదటి రౌండ్ వాళ్లు మొత్తం మీద ఏడో రౌండ్ వాళ్లకంటే బాగానే ఆడతారు, అంటే స్కౌట్లకు ఎంతో కొంత తెలుసు. చిక్కేమిటంటే అందరికీ దాదాపు ఒకేలా తెలుసు. నేర్పు సరిసమానమైనచోట గెలుపోటములను విడదీసేది అదృష్టమే.

ఫ్రిస్కో ప్రేక్షకుడు:

మా డాలస్ జట్టు కౌబాయ్స్ కథ చెప్పకుండా ఉండలేను. 2016లో కౌబాయ్స్ మనసు పడిన క్వార్టర్‌బ్యాక్ పాక్స్టన్ లించ్. అతని కోసం మొదటి రౌండ్‌లోకి మళ్లీ ఎక్కాలని బేరమాడారు, డెన్వర్ ఇంకాస్త మంచి బేరంతో ఎగరేసుకుపోయింది. తర్వాత కానర్ కుక్ మీద కన్నేశారు. నాలుగో రౌండ్‌లో 101వ ఎంపిక కౌబాయ్స్‌ది. సరిగ్గా దాని ముందు, 100వ స్థానంలోకి రైడర్స్ దూరి కుక్‌ను పట్టుకుపోయింది. ఆ రౌండ్ చివర్లో, 135వ స్థానంలో, మిగిలిన డాక్ ప్రెస్కాట్‌ను తీసుకున్నారు.

అక్కడితో ఆగలేదు. ఆగస్టులో శిక్షణ శిబిరంలో రెండో క్వార్టర్‌బ్యాక్ కెల్లెన్ మూర్ కాలు విరిగింది. అదే నెలలో ఒక సన్నాహక మ్యాచ్‌లో మొదటి క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో వెన్ను దెబ్బతింది. దాంతో సీజన్ ప్రెస్కాట్ చేతికొచ్చింది. అతను జట్టుకు 13 విజయాలు తెచ్చి ఆ ఏటి మేటి కొత్త ఆటగాడయ్యాడు. లించ్ డెన్వర్‌లో మొదటి నుంచి ఆడిన మ్యాచ్‌లు నాలుగంటే నాలుగు. రెండు బేరాల్లో ఏ ఒక్కటి కుదిరినా మన పని గోవిందా! నేర్పు అనడానికి ఇందులో నాకు చోటు కనిపించలేదు.

పాత సీహాక్:

నాలుగో రౌండ్‌ను చివరి రౌండ్ అనడం కొంచెం అతి. అయినా సరే, మీరంతా ఎంపిక జరిగిన క్షణాన్నే పట్టుకు వేలాడుతున్నారు. ఆటగాడు ఆ రోజు పూర్తిగా తయారై ఉండడు. తర్వాత ఏం చేశారన్నది చూడాలి.

బ్రేడీ సంగతే తీసుకోండి. 2000 సీజన్‌లో పేట్రియట్స్ ఏకంగా నలుగురు క్వార్టర్‌బ్యాక్‌లను అట్టిపెట్టుకుంది. జట్టులో చోటు ఎంత విలువైనదో తెలిసినవాళ్లు నాలుగోవాడిని సాధారణంగా సాగనంపుతారు. వీళ్లు ఆరో రౌండ్ కుర్రాడిని ఉంచుకున్నారు. అది గాలికి జరిగేది కాదు.

ఇంకా గట్టి ఉదాహరణ జోర్డన్ మైలాటా. సిడ్నీలో రగ్బీ ఆడుకునే కుర్రాడు, ఆరడుగుల ఎనిమిదంగుళాలు. అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటీ ఆడకుండానే 2018లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఏడో రౌండ్‌లో, 233వ స్థానంలో తీసుకుంది. మొదటి రెండు సీజన్లు మైదానంలోకే దిగలేదు. జెఫ్ స్టౌట్‌లాండ్ అనే లైన్ కోచ్ (క్వార్టర్‌బ్యాక్‌కు ముందు కాపు కాసే వరుసకు కోచ్) అతనికి పాదం ఎలా వేయాలి, చేయి ఎప్పుడు చాచాలి అన్న దగ్గర్నుంచి నేర్పాడు. 2020లో ఆడటం మొదలుపెట్టాడు, మరుసటి ఏడాదే నాలుగేళ్లకు 64 మిలియన్ డాలర్ల ఒప్పందం అందుకున్నాడు. లాటరీ టికెట్‌కు ఎవరూ రెండేళ్లు శిక్షణ ఇవ్వరు కదా.

బొమ్మా బొరుసా:

మైలాటా విషయంలో కోచ్‌కు నమస్కారం. కానీ అది తయారుచేసిన నేర్పు, కనిపెట్టిన నేర్పు కాదు. మన ప్రశ్న కనిపెట్టడం గురించి.

నలుగురిని ఉంచుకున్నారు, నిజమే. మరి ఆ కుర్రాడిని ఆడించారా? 2001 మార్చిలో అప్పటి మొదటి క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్‌సోకు పదేళ్ల భారీ ఒప్పందం రాసిచ్చారు. సెప్టెంబరు 23న జెట్స్‌తో మ్యాచ్ చివర్లో బ్లెడ్‌సో మైదానం పక్క గీత వైపు పరుగెడుతుంటే మో లూయిస్ వచ్చి గుద్దాడు. లోపల రక్తస్రావం, ఆసుపత్రి. ఆ దెబ్బ తగలకపోతే బ్రేడీ ఇంకెంతకాలం బల్ల మీద కూర్చునేవాడో ఎవరు చెప్పగలరు?

శాన్ ఫ్రాన్సిస్కో కథ ఇంకా తమాషా. 2021లో క్వార్టర్‌బ్యాక్ ట్రే లాన్స్‌ను మూడో స్థానంలో తీసుకోవడానికి మూడు మొదటి రౌండ్ ఎంపికలు ధారపోశారు. 2022లో డ్రాఫ్ట్ మొత్తానికి ఆఖరివాడైన 262వ స్థానం క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీని తెచ్చుకున్నారు. ఆ సీజన్‌లో లాన్స్ చీలమండ విరిగింది, డిసెంబరులో ఇంకో క్వార్టర్‌బ్యాక్ జిమ్మీ గరొప్పొలో పాదం విరిగింది. ఆపైన పర్డీ రాజ్యం. అతని వల్ల జట్టు సూపర్ బౌల్ దాకా వెళ్లింది, 2025లో అతనికి ఐదేళ్లకు 265 మిలియన్ డాలర్లు ఒప్పుకున్నారు. లాన్స్‌ను 2023లోనే ఒక నాలుగో రౌండ్ ఎంపికకు మన డాలస్‌కే ఇచ్చేశారు. మూడో నంబరునూ 262నూ ఎంచినది ఒకే జనరల్ మేనేజర్, జాన్ లించ్. ఆయన నేర్పును ఏ ఎంపికతో కొలవమంటారు?

మేరీల్యాండ్ వీక్షకుడు:

ఇంతసేపు ఇద్దరూ ఒక విషయం దాటేశారు. బ్రేడీ 199, ప్రెస్కాట్ 135, పర్డీ 262. ఈ మూడూ జట్లకు అదనంగా వచ్చిన ఎంపికలు. ఒప్పందం ముగిసిన ఆటగాళ్లను ఇతర జట్లకు పోగొట్టుకుని, అంతకంటే తక్కువమందిని తెచ్చుకున్న జట్టుకు లీగ్ మూడో రౌండ్ నుంచి ఏడో రౌండ్ దాకా చివర్లలో పరిహారంగా ఎంపికలు ఇస్తుంది. ఈ పద్ధతి 1994 నుంచి ఉంది. అందరికంటే ఎక్కువ పరిహారం పోగేసుకున్నది మా బాల్టిమోర్ రేవెన్స్. ఆ జట్టు పుట్టిందే 1996లో, ఆలస్యంగా వచ్చి కూడా ముందుంది. ఓజీ న్యూసమ్ జనరల్ మేనేజర్‌గా ఉన్నన్నాళ్లూ ఖరీదైన ఆటగాళ్లను పోనిచ్చి, బదులుగా ఈ ఎంపికలు కూడబెట్టాడు.

ఒక్కో ఎంపిక బొమ్మా బొరుసే అనుకుందాం. అప్పుడు ఎక్కువసార్లు ఎగరేసే హక్కు సంపాదించుకున్నవాడే తెలివైనవాడు. నా దృష్టిలో నేర్పంతా ఆటగాడిని చూసే కంటిలో కంటే లెక్కల పుస్తకంలోనే ఉంది. బొమ్మా బొరుసా గారి 52 శాతానికి ఇది అడ్డురాదు.

పాత సీహాక్:

ఇలా చెబితే సగం ఒప్పుకుంటాను. మిగతా సగం షెర్మన్ చేతుల్లో ఉంది.

ఫ్రిస్కో ప్రేక్షకుడు:

మేరీల్యాండ్ గారూ, దీనికి ఇంకొకటి కలపండి. ఆ పరిహారపు ఎంపికలను 2017 డ్రాఫ్ట్‌కు ముందు దాకా వేరే జట్టుకు ఇచ్చుకునే వీలే లేదు. 199నైనా 135నైనా అమ్ముకోవాలనిపించినా కుదిరేది కాదు, వాడి తీరాల్సిందే. ఈ ఏడాది ఎవరి చేతిలో ఎన్ని పరిహారపు ఎంపికలున్నాయో ఎవరైనా జాబితా పెడతారా?